యంత్రముల చిరునామాలు

రేడియో పెట్టె గల ప్రతి యింటను ఒక చిన్న విషయము అందరికిని తెలిసినదే. శ్రోత జ్ఞాపకముంచుకొనునది కేంద్రము పేరు. పెట్టె యెరుగునది ఒక సంఖ్య. "విజయవాడ కేంద్రము పెట్టరా" అని తాతగారు అడిగినచో మనుమడు సూదిని ఒక సంఖ్య మీదికి త్రిప్పును. ఏనాడైనను ఆ సంఖ్య మారినచో మనుమడు సూదిని మరికొంత జరుపును. తాతగారి మాట మారనక్కరలేదు, పెట్టెయు మారనక్కరలేదు. కాని సూదిని ఒకే సంఖ్యమీద అతికించిన పెట్టెను ఎవరైనను చేసి అమ్మియుండినచో, సంఖ్య మారిననాడు ఆ పెట్టె మూగపోవును. పేరు వేరు, సంఖ్య వేరు, ఆ రెంటిని కలుపు చేయి వేరు. ఈ సులభసత్యమును కంప్యూటర్ల లోకము పూర్తిగా గ్రహించుటకు దాదాపు ముప్పది యేండ్లు పట్టెను. ఆ కథనే యిపుడు మనవి చేయదలచితిమి.

ముందుగా మూడు మాటలకు అర్థము చెప్పుకొందము. గోడలోని సాకెట్టు మనకు కొత్తది కాదు. అందు ప్లగ్గు పెట్టినచో కరెంటు వచ్చును. అది మాచ్‌ఖండునుండి వచ్చినదో, శ్రీశైలమునుండి వచ్చినదో పెట్టె విచారింపదు. కంప్యూటరు ప్రోగ్రామునకును దూరముననున్న మరియొక ప్రోగ్రామునకును నడుమ మాటలు సాగుటకు అమర్చిన ద్వారమును కూడ సాకెట్టనియే పిలిచిరి. రెండవ మాట చిరునామా. వీథి, యింటి నంబరు ఎట్టివో యంత్రమునకు ఐపీ సంఖ్య అట్టిది; ఆ యింటిలో ఏ గదివారికి ఉత్తరము చేరవలెనో తెలుపునది పోర్టు సంఖ్య. మూడవది లైబ్రరీ. ఇది పుస్తకములుండు చోటు కాదు. పలువురికి పదే పదే అవసరమగు పనులను నిపుణులు ఒకమారు వ్రాసి యుంచిన ప్రోగ్రాము భాగముల భాండారము. తక్కినవారు దానిని పిలిచి పని చేయించుకొందురు.

1969 అక్టోబరు 29వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజెలిస్ విశ్వవిద్యాలయ కంప్యూటరునుండి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ కంప్యూటరునకు మొదటి సందేశము పోయెను. "లాగిన్" అను మాట పంపబోగా రెండక్షరములు చేరునప్పటికే అవతలి యంత్రము నిలిచిపోయెను. ఆర్పానెట్ అను ఆ వలలో తొలినాళ్ల యంత్రము చిరునామా 8 బిట్లు మాత్రమే. అనగా 256 సంఖ్యలకు మించి చోటు లేదు. నాలుగైదు యంత్రములున్న దినములలో అదియే విశాలముగ కనబడెను. సాకెట్టను పేరు అప్పటినుండియే ఉన్నది. 1971లో వెలువడిన ఒక పత్రము దానిని 32 బిట్ల సంఖ్యగా నిర్వచించి, సరిసంఖ్యలు వినుటకును, బేసిసంఖ్యలు చెప్పుటకును కేటాయించెను.

1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ అను ఇరువురు వేర్వేరు వలలను కలిపి ఒకే మహాజాలముగ చేయు పద్ధతిని ప్రకటించిరి. అందును వలల సంఖ్యకు 8 బిట్లే యిచ్చి, 256 వలలు కనుచూపు మేరకు చాలునని తలచిరి. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వమున వెలువడిన ఐపీ నాలుగవ కూర్పు చిరునామాను 32 బిట్లకు పెంచెను. అనగా 429 కోట్ల పైచిలుకు సంఖ్యలు. 1983 జనవరి 1వ తేదీన ఆర్పానెట్ అంతయు ఈ కొత్త పద్ధతికి మారెను. "ఇది చాలును" అను మాట ప్రతితరమును పలికెను. ప్రతిమారును కాలము దానిని కాదనెను.

ఆ 1983లోనే ఆగస్టు మాసమున కాలిఫోర్నియా రాష్ట్రము బర్కిలీలోని విశ్వవిద్యాలయము తన యూనిక్స్ వ్యవస్థ యొక్క 4.2 కూర్పును విడుదల చేసెను. మన కథకు కీలకమిది. అందు సాకెట్టు నడుపుటకు కొద్దిపాటి పిలుపులు మాత్రమే ఉండెను. మొదట సాకెట్టును తెరువవలెను. పిలువబడు పక్షము దానికి ఒక చిరునామాను కట్టి, చెవియొగ్గి కూర్చుండి, వచ్చినవారిని ఒక్కొక్కరిని లోనికి అంగీకరించును. పిలుచు పక్షము అవతలి చిరునామా చెప్పి కలుపుమని కోరును. కలిసిన పిమ్మట ఫైలును చదువునట్లే చదువుట, ఫైలున వ్రాయునట్లే వ్రాయుట. ఇంత సరళమైన యేర్పాటగుటచే అది దేశదేశముల వ్యాపించెను. నలుబది యేండ్లు గడచినను నేటి చేతిఫోనులలోను అవే పిలుపులు నడచుచున్నవి.

ఆ నిర్మాతలు చిరునామాను ఉంచుటకు చేసిన కవరును కొంచెము పరిశీలింపవలెను. కవరు మొత్తము 16 బైట్లు. మొదటి 2 బైట్లలో చిరునామా ఏ కుటుంబమునకు చెందినదో వ్రాయవలెను; మిగిలిన 14 బైట్లు ఆ కుటుంబమువారి యిష్టము. ఐపీ కుటుంబమువారు అందు 2 బైట్లు పోర్టునకు, 4 బైట్లు యంత్రమునకు తీసికొని, తక్కిన 8 బైట్లను సున్నలతో నింపిరి. లోకమున ఒకే జాతి చిరునామా శాశ్వతముగ ఉండునని వారు నమ్మలేదు; కుటుంబము పేరు వ్రాయుటకు చోటు విడిచిరి. ఈ ముందుచూపు మెచ్చదగినది. కాని కవరు పొడవు మాత్రము రాబోవు చుట్టమునకు చాలకపోయెను.

ఇంకొక చిక్కు కూడ కలదు. సంఖ్యలోని బైట్లను కొన్ని యంత్రములు పెద్దదానితో మొదలుపెట్టి వ్రాయును, కొన్ని చిన్నదానితో మొదలుపెట్టి వ్రాయును. ఈ వివాదమును 1980 ఏప్రిల్ 1వ తేదీన డానీ కోహెన్ ఒక హాస్యవ్యాసమున వర్ణించి, కోడిగ్రుడ్డును ఏ కొనన పగులగొట్టవలెనని యుద్ధము చేసిన గలివర్ కథలోని జనులతో పోల్చెను. జాలములో పెద్దదానినే ముందు పంపవలెనని నియమమేర్పడెను. చిన్నదానితో మొదలిడు యంత్రము మీద ప్రోగ్రాము వ్రాయువాడు సంఖ్యను త్రిప్పుట మరచినచో, 80వ పోర్టునకు పోవలసిన పిలుపు 20480వ పోర్టు తలుపు తట్టును. ఇట్టి త్రిప్పుడు పనిని కూడ ప్రతివాడును స్వయముగ చేయవలసి యుండెను. లోపలి మర్మము బయటివాని చేతిలో పెట్టినందున కలిగిన కష్టమునకు ఇది చిన్న మచ్చుతునక.

ఇక పేర్ల సంగతి. మొదట జాలములోని యంత్రముల పేర్లు, సంఖ్యలు ఒకే ఫైలులో ఉండెడివి. ఎలిజబెత్ ఫైన్లర్ ఆధిపత్యమున స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థవారు దానిని నిర్వహించుచుండ, తక్కినవారు నకలు తెచ్చుకొనుచుండిరి. యంత్రములు పెరిగినకొలది ఒక్క పట్టిక మోయలేని బరువాయెను. 1983లో పాల్ మోకపెట్రిస్ పేర్ల బాధ్యతను మండలములుగ పంచియిచ్చు డీఎన్‌ఎస్ పద్ధతిని రచించెను. బర్కిలీ లైబ్రరీలో పేరు ఇచ్చినచో సంఖ్య తెచ్చు పిలుపు ఒకటి ఉండెను. దాని పేరు గెట్‌హోస్ట్‌బైనేమ్. 4.2 కూర్పులో అది ఫైలును వెదకెడిది. 1986 నాటి 4.3 కూర్పులో అదే పిలుపు డీఎన్‌ఎస్‌ను అడుగ నేర్చెను. సంఖ్యను తెచ్చు దారి అంతయు మారినను, దానిని అడుగు ప్రోగ్రాములు తమ మాట మార్చుకొనవలసిన పని లేకపోయెను. లైబ్రరీ నడుమ నిలిచినందున కలిగిన మేలిది.

మరి అదే లైబ్రరీ చేతిలో చిరునామా గతి యేమాయెను? గెట్‌హోస్ట్‌బైనేమ్ పేరు పుచ్చుకొని సంఖ్యను విప్పి చేతిలో పెట్టెడిది. ప్రోగ్రాము వ్రాయువాడు ఆ 4 బైట్లను తన చేతితో కవరులోనికి ఎత్తుకొనెడివాడు. పట్టికలలో 4 బైట్లకే చోటు, తెర మీద నాలుగు సంఖ్యలకే చోటు, లెక్కలన్నియు 32 బిట్లకే. ఎవరును నియమము మీరలేదు. పాఠ్యపుస్తకములు అట్లే నేర్పినవి. లక్షల ప్రోగ్రాములలో సూది ఒకే సంఖ్య మీద అతుక్కొనిపోయెను.

1990 ప్రాంతమునకు 429 కోట్లు చాలవని స్పష్టమాయెను. 1994లో ఒక తాత్కాలికోపాయము ప్రకటింపబడెను. ఒక కార్యాలయములోని యంత్రములన్నియు బయటికి ఒకే చిరునామాతో కనబడుట దాని సారము. ఆపద తీరెను గాని ఒక లోపము మిగిలెను. అట్టి యింటివారు ఇతరులను పిలువగలరు. ఇతరులు వారిని నేరుగ పిలువజాలరు. వీథిలో నంబరు లేని యింటికి ఉత్తరము రానట్లే, జాలమునకు ఆలస్యముగ వచ్చిన దేశములవారు, సంస్థలవారు శ్రోతలుగనే మిగులు ప్రమాదమేర్పడెను. చిరునామా కొరత అంకెల తగవు కాదు, సమానస్థానపు ప్రశ్న.

శాశ్వతోపాయము 1995 డిసెంబరులో వెలువడెను. అది ఐపీ ఆరవ కూర్పు. చిరునామా 128 బిట్లు. ఆ సంఖ్యలను లెక్కించినచో 39 అంకెల మొత్తము వచ్చును. కాని దానిని ఉంచు కవరు 28 బైట్లాయెను. బర్కిలీవారి 16 బైట్ల కవరులో అది పట్టదు. కుటుంబము పేరు మార్చి వ్రాయుటకు చోటున్నది; చుట్టము కూర్చుండుటకు చోటు లేదు. ఎట్టి చిరునామాకైనను చాలునట్టి పెద్ద కవరును వేరుగ నిర్మింపవలసి వచ్చెను.

అసలు మార్పు కవరులో కాదు, పిలుపులో కలిగెను. 1997 ఏప్రిల్‌లో గిల్లిగన్, థామ్సన్, బౌండ్, స్టీవెన్స్ అను నలుగురు వెలువరించిన పత్రమున గెట్‌అడ్రిన్ఫో అను పిలుపు కలదు. దానికి యంత్రము పేరును, కావలసిన సేవ పేరును చెప్పిన చాలును. అది విడిసంఖ్యలను తేదు. మూసి, కుటుంబము పేరు వ్రాసి, పొడవు గుర్తించిన కవర్ల వరుసను తెచ్చియిచ్చును. ప్రోగ్రాము చేయవలసినది ఆ వరుసలో మొదటినుండి ఒక్కొక్క కవరును సాకెట్టునకు అందించుటయే. లోపల 4 బైట్లున్నవో 16 బైట్లున్నవో దానికి అనవసరము. బైట్లు త్రిప్పు బాధయు తొలగెను. 2008 నాటి పోసిక్స్ ప్రమాణము పాత గెట్‌హోస్ట్‌బైనేమ్‌ను జాబితానుండి తొలగించెను.

ఈ పని లోకమునకు అందుటలో జపానుదేశపు కామె ప్రణాళిక గొప్ప పాత్ర వహించెను. కామె అనగా జపానుభాషలో తాబేలు. 1998నుండి 2006వరకు నడచిన ఈ ప్రణాళికలో, ఇతోజున్ అని ప్రసిద్ధుడైన జునిచిరో హగినో మున్నగువారు బర్కిలీ సంతతి వ్యవస్థలకు ఆరవ కూర్పును అమర్చి ఉచితముగ పంచిపెట్టిరి. చిరునామా ఆకారము తెలియని ప్రోగ్రామే చిరకాలము బ్రతుకునని హగినో పలుమారులు బోధించెను. ఆయన 2007లో, 37 ఏండ్ల ప్రాయముననే మరణించెను.

తరువాతి ప్రోగ్రాము భాషల లైబ్రరీలు ఈ పాఠమును తలకొక విధముగ నేర్చెను. జావా భాష మొదటినుండియు చిరునామాను మూసిన పెట్టెగ చూపెను. అందువలన 2002లో 1.4 కూర్పున ఆరవ ఐపీ వచ్చినపుడు, పెట్టెను తెరచిచూడని ప్రోగ్రాములు మార్పు లేకయే నడచెను. పైథాన్ 2008లో 2.6 కూర్పున, పేరు ఇచ్చినచో దొరకిన చిరునామాలన్నిటిని వరుసగ ప్రయత్నించు పిలుపును చేర్చెను. రస్ట్ భాష కథ మరియు విచిత్రము. అందు చిరునామా పెట్టె మూసియే యున్నను, కొన్ని బయటి లైబ్రరీలు లోపలి అమరిక యిట్లుండునని ఊహించి నేరుగ చేయి పెట్టినవి. అమరికను మార్చదలచిన నిర్మాతలు ఆ లైబ్రరీలు సరిదిద్దుకొనువరకు ఓపికపట్టి, 2022లో 1.64 కూర్పున మార్చిరి. మూసిన తలుపునకు సందు వెదకు అలవాటు మనుష్యులకు ఎన్నడును పోదు కాబోలు.

2011 ఫిబ్రవరి 3వ తేదీన పాత చిరునామాల కేంద్రనిధి నిండుకొనెను. ప్రాంతీయ భాండారములలో మొదట అడుగంటినది, ఆ ఏప్రిల్‌లోనే, మన ఆసియా పసిఫిక్ ప్రాంతమువారిది. 2012 జూన్ 6వ తేదీన పెక్కు పెద్ద సంస్థలు ఆరవ కూర్పును శాశ్వతముగ తెరచినవి. నేడు దాని వాడుకలో భారతదేశము ప్రపంచమున ముందువరుసలో ఉన్నది. ఆలస్యముగ వచ్చినవారికి పాత సంఖ్యలు చాలనందుననే ఈ ముందడుగు తప్పనిసరి యాయెను. గుంటూరులోనో వరంగల్లులోనో ఒక గృహస్థు చేతిఫోను తీసి పాట విన్నపుడు, రెండు కుటుంబముల చిరునామాలు వచ్చి నిలుచును; ఫోను రెంటిని ప్రయత్నించి, ముందు పలికినదానిని గైకొనును. ఆ గృహస్థునకు తెలిసినది పాట పేరు మాత్రమే.

అట్లుండుటయే న్యాయము. 8 బిట్లు చాలుననినవారు అవివేకులు కారు. 32 బిట్లు చాలుననినవారును కారు. ఎంత చాలునో ఊహించుటలో మనుష్యులు పొరపడుట సహజము. బర్కిలీవారు చిరునామా కుటుంబమునకు విడిచిన 2 బైట్ల చోటు, ఊహ తప్పిననాడు మార్పునకు దారి యిచ్చెను. సంఖ్యను విప్పి ప్రతివాని చేతిలో పెట్టిన పిలుపు ఆ దారికి అడ్డమాయెను. 128 బిట్లును చాలని దినము వచ్చునో రాదో మనము చెప్పజాలము. వచ్చినచో, పేరు మాత్రమే అడిగి, కవరు విప్పక అందించు ప్రోగ్రాములు ఆనాడును పలుకును.