ఠాణే తీరంలో విద్యుత్ కేంద్రాల నీటి విడుదల పరిమితులు

భివండీ పట్టణం ఉన్న ఠాణే జిల్లా ఒకప్పుడు ఉత్తరాన గుజరాత్ సరిహద్దు దాకా ఉండేది. 2014 ఆగస్టు 1న పాల్ఘర్ వేరుపడింది. ఆ పాత జిల్లాలో మూడు కాలాలకు చెందిన మూడు విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. అవి ఠాకుర్లీలోని రైల్వేవారి చోళా పవర్‌హౌస్, తారాపూర్ అణు విద్యుత్ కేంద్రం, డహాణూ థర్మల్ కేంద్రం. మూడింటినీ ఖాడీ (సముద్రపు పాయ) పక్కనో సముద్రం ఒడ్డునో కట్టారు. అవి వదిలే నీటికి ఎంత వేడి ఉండవచ్చు, అందులో ఏమేమి కలిసి ఉండవచ్చు అన్న ప్రశ్న చోళా నాడు ఎవరూ వేయలేదు. డహాణూ నాటికి ఆ ప్రశ్న సుప్రీంకోర్టు గడప తొక్కింది.

వేడి ఎక్కడిది

టర్బైన్‌ను తిప్పి బయటికొచ్చిన ఆవిరిని మళ్లీ నీరుగా మార్చేది కండెన్సర్. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ కరెంటు పుట్టేసరికి సుమారు ఒకటింబావు యూనిట్ల వేడిని కండెన్సర్ గొట్టాల్లోని చల్లటి నీరు మోసుకుపోవాలి. అణు కేంద్రంలో అది రెండు యూనిట్ల దాకా ఉంటుంది. 500 మెగావాట్ల బొగ్గు కేంద్రం నీటిని ఒక్కసారి వాడి వదిలేసే పద్ధతిలో నడుస్తోందనుకుందాం. నీరు 10 డిగ్రీలే వేడెక్కాలంటే సుమారు 530 క్యూసెక్కులు తోడాలి. 7 డిగ్రీలకు దించాలంటే 750, 5 డిగ్రీలకైతే 1,050 క్యూసెక్కులు కావాలి. అంటే ఉష్ణోగ్రత పరిమితిని బిగించేకొద్దీ కేంద్రం తోడే నీరు పెరుగుతుంది. ఆ నీటితోపాటు పంపుల్లోకి పోయే చేపపిల్లలు, గుడ్లు కూడా పెరుగుతాయి. నిబంధన రాసేవారికి ఇది మొదటి నుంచీ ఉన్న చిక్కు.

వేడి ఒక్కటే కాదు. సముద్రపు నీరు వాడే చోట గొట్టాల్లో ఆల్చిప్పలు, బార్నకిల్స్ పేరుకోకుండా క్లోరిన్ వేస్తారు. అది నీటితో పాటే బయటికి పోతుంది. బాయిలర్ నుంచి వదిలే నీటిలో రాగి, ఇనుము ఉంటాయి. బూడిద చెరువు నుంచి పొర్లే నీటిలో సన్నటి రేణువులు ఉంటాయి.

చట్టానికి ముందు

గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే తన విద్యుత్ రైళ్ల కోసం 1920ల చివర చోళా పవర్‌హౌస్‌ను కట్టింది. ఉల్హాస్ నది ఖాడీ పక్కన ఉండడమే దానికి అనువు. 1980ల చివర అది మూతపడింది. ముంబయిలో ఖాడీ ఒడ్డున టాటావారి ట్రాంబే కేంద్రం 1956లో మొదలైంది. దేశపు మొదటి అణు విద్యుత్ కేంద్రమైన తారాపూర్ 1969లో ఉత్పత్తి ప్రారంభించింది. ఈ కేంద్రాలకు చోటు ఎంచినప్పుడు ఇంజనీర్లు చూసినది నీరు చాలినంత ఉందా, ఆటుపోట్లకు పంపు మునుగుతుందా తేలుతుందా అన్నదే. నీటిని వదలడం అప్పట్లో కాలువ తవ్వే పని మాత్రమే.

ఈ విషయంలో మహారాష్ట్ర కేంద్రం కంటే ముందు కదిలింది. రాష్ట్ర జల కాలుష్య నివారణ చట్టం 1969 నాటిది. దాని కింద 1970 సెప్టెంబర్ 7న కాలుష్య నియంత్రణ బోర్డు ఏర్పడింది. పార్లమెంటు జల చట్టం 1974లో గాని రాలేదు. నీరు వదలాలంటే బోర్డు సమ్మతి పత్రం తీసుకోవాలన్న పద్ధతి అప్పటి నుంచి స్థిరపడింది. దాదాపు అదే కాలంలో అమెరికా 1972 నాటి తన జల చట్టంలో వేడి నీటి విడుదలకు ఒక సెక్షన్, నీటిని తోడే పంపులకు మరో సెక్షన్ పెట్టింది. తోడే నీటి సంగతి మన నిబంధనల్లోకి రావడానికి ఇంకో నాలుగు దశాబ్దాలు పట్టింది.

5, 7, 10

భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చిన 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద థర్మల్ కేంద్రాలకు తొలిసారి దేశమంతటికీ ఒకే పట్టిక ఇచ్చారు. కండెన్సర్ నుంచి వచ్చే నీరు, లోపలికి తీసుకున్న నీటికంటే 5 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిగా ఉండరాదు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. మిగిలిన క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటరాదు. బాయిలర్ నీటిలో రాగి, ఇనుము లీటరుకు ఒక్కొక్క మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. బూడిద చెరువు నీటిలో తేలే రేణువులకు 100 మిల్లీగ్రాములు హద్దు.

1998 డిసెంబర్ సవరణ ఈ 5 డిగ్రీల అంకెను మూడు రకాలుగా చీల్చింది. 1999 జూన్ 1 తర్వాత మొదలయ్యే కేంద్రం నది, చెరువు, జలాశయాల నీరు వాడితే కూలింగ్ టవర్ కట్టి తీరాలి. సముద్ర తీరపు కొత్త కేంద్రమైతే, నీరు కలిసే చోట సహజ ఉష్ణోగ్రతకంటే 7 డిగ్రీలకు మించి పెంచరాదు. పాత కేంద్రాలకు కండెన్సర్ లోపలికి, బయటికి మధ్య తేడా 10 డిగ్రీల దాకా ఉండవచ్చు.

చూడ్డానికి 5 నుంచి 10కి సడలించినట్టు, 7 మధ్యేమార్గమైనట్టు అనిపిస్తుంది. నిజానికి ఈ మూడు అంకెలను ఒకదానితో ఒకటి పోల్చలేం, ఎందుకంటే మూడింటికీ థర్మామీటర్ వేర్వేరు చోట్ల ఉంది. పాత నిబంధన తీసుకున్న నీటిని కొలబద్దగా పెట్టుకుంది. ఖాడీలో పోటు వచ్చినప్పుడు కేంద్రం వదిలిన వేడి నీరే తిరిగి పంపు దగ్గరికి రావచ్చు. అప్పుడు లోపలికి వచ్చే నీరే వేడిగా ఉంటుంది కాబట్టి తేడా తక్కువగా కనబడుతుంది, కాగితం మీద కేంద్రం పాసవుతుంది, చేపలకు మాత్రం నీళ్లు చల్లబడవు. పాత కేంద్రాల 10 డిగ్రీలు ప్రహరీ లోపలి లెక్క. కండెన్సర్ దాటాక పొడవైన కాలువలో నీరు ఎంత చల్లారినా, చల్లారకపోయినా ఆ అంకె మారదు. సహజ ఉష్ణోగ్రత అన్న మాటను పట్టుకున్నది 7 డిగ్రీల నిబంధన ఒక్కటే. ఈ వ్యాసకర్త దృష్టిలో సవరణలోని అసలు ముందడుగు అదే.

డహాణూ: పొగ నీళ్లలోకి దిగిన కథ

బాంబే సబర్బన్ ఎలక్ట్రిక్ సప్లై కంపెనీ డహాణూలో 250 మెగావాట్ల యూనిట్లు రెండు కట్టబోయినప్పుడు సపోటా తోటల రైతులు, జాలర్లు, పర్యావరణ సంస్థలు ఎదురు తిరిగారు. 1991 మార్చిలో సుప్రీంకోర్టు నిర్మాణాన్ని ఆపడానికి నిరాకరించింది. పొగలోని గంధకాన్ని తొలగించే యంత్రం పెట్టాలన్న షరతును మాత్రం ఊరికే సడలించరాదని చెప్పింది. అదే ఏడాది జూన్ 20న కేంద్రం డహాణూ తాలూకాను పర్యావరణ రీత్యా సున్నిత ప్రాంతంగా ప్రకటించింది. 1995 నాటికి యూనిట్లు తిరిగాయి, గంధకం యంత్రం రాలేదు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు మేరకు జస్టిస్ చంద్రశేఖర్ ధర్మాధికారి అధ్యక్షతన తాలూకా పర్యావరణ పరిరక్షణ ప్రాధికార సంస్థ ఏర్పడింది. యంత్రం పెట్టమని ఆ సంస్థ 1999లో ఆదేశించింది. కంపెనీ దాన్ని నడిపించింది 2007లో.

అక్కడ ఎంచుకున్నది సముద్రపు నీటి పద్ధతి. సముద్రపు నీటికి సహజంగానే కొంత క్షార గుణం ఉంటుంది. కండెన్సర్ నుంచి వచ్చిన నీటిలో కొంత భాగాన్ని పొగ మీదికి చిమ్మితే గంధకపు వాయువు అందులో కరుగుతుంది. ఆ నీరు అలాగే పోతే ఆమ్లంగా, ప్రాణవాయువు లేకుండా ఖాడీలో కలుస్తుంది. అందుకే మిగిలిన కండెన్సర్ నీటితో కలిపి, పెద్ద తొట్లలో గాలి ఊది, సల్ఫైట్‌ను సల్ఫేట్‌గా మార్చి, పీహెచ్ కోలుకున్నాక వదలాలి. సల్ఫేట్ సముద్రంలో ముందే దండిగా ఉన్నదే కాబట్టి అది కొత్త విషం కాదు. అయినా ఒక సంగతి మారింది. అంతకుముందు వేడి, క్లోరిన్ చూసుకుంటే సరిపోయిన కాలువలో ఇప్పుడు పీహెచ్, కరిగిన ప్రాణవాయువు కూడా చూడాలి. గాలికి వేసిన షరతు నీటి షరతుగా మారింది. గాలి ఊదే బ్లోయర్ ఆగితే ఆ తప్పు చిమ్నీ దగ్గర కనబడదు, ఖాడీలో తేలుతుంది. మధ్యలో రిలయన్స్ చేతుల్లోకి వచ్చిన ఈ కేంద్రం 2018లో అదానీ చేతికి వెళ్లింది.

తెలుగు నేల నుంచి రెండు పోలికలు

ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన విజయవాడ థర్మల్ కేంద్రానికి తర్వాత నార్ల తాతారావు పేరు పెట్టారు. అందులోని పాత 210 మెగావాట్ల యూనిట్లు ఆరూ ప్రకాశం బ్యారేజీ ఎగువ కృష్ణ నీటిని ఒక్కసారి వాడి వదిలే పద్ధతివే. బుడమేరు డైవర్షన్ కాలువ వరద కూడా థర్మల్ కేంద్రం కాలువ మీదుగానే కృష్ణను చేరాలి. 2015 నుంచి పట్టిసీమ పథకం ఎత్తిపోసిన గోదావరి నీళ్లూ ఆ దారినే పవిత్ర సంగమానికి వస్తున్నాయి. ఎత్తిపోతల రోజుల్లో వేడి నీరు ఆ గోదావరి నీళ్లలో కలిసి పలచబడుతుంది, వేసవిలో ఆ ఆసరా ఉండదు. ఇలాంటి చోట ఏడాదికి ఒకే అంకె చెప్పడం లెక్కకు సౌకర్యమే గాని నదికి కాదు.

విశాఖ దగ్గర పరవాడలో ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం ఇంకో దారి పట్టింది. సముద్రపు నీరే వాడుతూ 165 మీటర్ల ఎత్తైన టవర్లలో దాన్ని చల్లార్చి మళ్లీ మళ్లీ తిప్పుతుంది. అందువల్ల సముద్రంలోకి పోయే వేడి బాగా తగ్గుతుంది, వదిలే కొద్ది నీటిలో ఉప్పు చిక్కబడుతుంది.

వేడి నుంచి లీటర్లకు

2015 డిసెంబర్ 7 నాటి ప్రకటనతో నిబంధనల చూపు వదిలే నీటి నుంచి వాడే నీటికి మళ్లింది. పాత కేంద్రాలు మెగావాట్-గంటకు 3.5 ఘనపు మీటర్లు మించరాదు, అంటే యూనిట్‌కు మూడున్నర లీటర్లు. ఒకసారి వాడి వదిలే కేంద్రాలు టవర్లు కట్టుకోవాలి. 2017 తర్వాతి కేంద్రాలకు మొదట 2.5 అన్నారు, 2018 జూన్‌లో 3కు పెంచారు. ఈ కొత్త కేంద్రాలు బయటికి చుక్క మురుగు కూడా వదలరాదన్న షరతు మాత్రం ఉండిపోయింది. సముద్రపు నీరు వాడేవారికి ఈ షరతుల నుంచి మినహాయింపు దొరికింది. కాబట్టి డహాణూ వంటి కేంద్రాలకు ఉష్ణోగ్రత, రసాయనాల పాత పట్టికే దిక్కు.

టవర్ నదిని వేడి నుంచి కాపాడుతుంది గాని నీటిని ఆవిరిగా తాగేస్తుంది. ఒకసారి వాడి వదిలే పద్ధతిలో నీరు దాదాపు అంతా వేడిగానైనా నదికి తిరిగొస్తుంది. నీరు దండిగా ఉన్నచోట టవరే మేలు, ఎండిపోయే నది దగ్గర ఏది మేలో తేల్చడం అంత సులువు కాదు.

భివండీలో ఒక హార్స్‌పవర్ మోటారు ఉన్న సాంచా (మరమగ్గం) పన్నెండు గంటల పాళీ అంతా నిండు భారంతో తిరిగితే 9 యూనిట్లు కాలుతుంది. మూడున్నర లీటర్ల హద్దు మీద లెక్కేస్తే అది 30 లీటర్ల పైచిలుకు నీరు. గ్రిడ్‌లో ఏ కేంద్రపు యూనిట్ భివండీ పద్మానగర్‌లోని ఏ సాంచాను తిప్పిందో చెప్పలేం. 2007 జనవరి 26 నుంచి పట్టణంలో పంపిణీ చూస్తున్న టొరెంట్ పవర్ బిల్లులో యూనిట్లు ఉంటాయి, ఆ నీళ్లు ఉండవు.

కొలిచే పని

2014 ఫిబ్రవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు, థర్మల్ విద్యుత్తు సహా 17 రకాల పరిశ్రమలు ఎప్పటికప్పుడు కొలిచే ఆన్‌లైన్ యంత్రాలు పెట్టాలని ఆదేశించింది. అంతకుముందు అధికారి వచ్చిన రోజు సీసాలో పట్టిన నమూనాయే ఆధారం. ఇప్పుడు అంకెలు బోర్డు సర్వర్‌కు వాటంతటవే చేరతాయి. సెన్సర్‌ను కండెన్సర్ ముఖం దగ్గర పెట్టాలా, కాలువ చివర పెట్టాలా, ఖాడీలో పెట్టాలా అన్నది మాత్రం ఇప్పటికీ ఒక్కో కేంద్రం సమ్మతి పత్రంలో చూసుకోవలసిందే.