ఫైరింజన్ వచ్చేలోపు

2023 మార్చి 16, గురువారం. సికింద్రాబాద్ సరోజినీదేవి రోడ్డులో ఆఫీసులు విడిచే వేళ. సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో స్వప్నలోక్ కాంప్లెక్స్ ఐదో అంతస్తు నుంచి పొగ మొదలైంది. ఎనిమిదంతస్తుల ఆ భవనం నిండా దుకాణాలు, చిన్నచిన్న ఆఫీసులు. చూస్తుండగానే పొగ మెట్లదారిలోకి దిగింది, పై అంతస్తులకూ ఎక్కింది. కిందికి వెళ్ళగలిగిన వాళ్ళు వెళ్ళారు. మిగిలిన వాళ్ళు గదుల్లోకి వెనక్కి తగ్గి తలుపులు మూసుకున్నారు. రోడ్డు మీద గుమిగూడిన జనానికి కిటికీల దగ్గర సెల్‌ఫోన్ టార్చీల వెలుగులు కనిపించాయి. మేమిక్కడ ఉన్నామని చెప్పడానికి పైవాళ్ళకు మిగిలిన దారి అదొక్కటే.

ఐదో అంతస్తులో ఒక ఆఫీసులో ఆరుగురు చిక్కుకున్నారు. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. అందరివీ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులు. అందరూ మహబూబాబాద్ (మానుకోట), వరంగల్, ఖమ్మం జిల్లాల పల్లెల నుంచి, చిన్న పట్నాల నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్ళే. మానుకోట స్టేషన్లో గోల్కొండ రైలెక్కినా, కృష్ణా ఎక్కినా, శాతవాహన ఎక్కినా అప్పట్లో దిగేది సికింద్రాబాద్‌లోనే. జనగామ పిల్లలదీ అదే పట్టాల దారి. భూపాలపల్లికి రైలు లేదు గనక అక్కడివాళ్ళు పరకాల మీదుగా హన్మకొండకు బస్సులో వచ్చి, అక్కడినుంచి పట్నం బస్సో రైలో పట్టుకుంటారు. డిగ్రీ చేతికి రాగానే మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి జిల్లాల ఇళ్ళలో మొదట వినబడే ఊరి పేరు హైదరాబాదే. ఆ సాయంత్రం పొగలో చిక్కుకున్న పిల్లలు ఊళ్ళో ఉన్న తమవాళ్ళకూ స్నేహితులకూ ఫోన్లు చేశారు. రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఫోన్ పట్టుకున్న తల్లిదండ్రులు ఏం చేయగలరు?

కబురు అందగానే ఫైరింజన్లు ఒకదాని వెంట ఒకటి బయలుదేరాయి. ఆఫీసుల రద్దీ, చూడవచ్చిన జనం, వాటి మధ్య నుంచే అవి లోపలికి రావాలి.

ఆ బండిని ఒకసారి దగ్గర నుంచి చూడాలి. మన స్టేషన్లలో ఎక్కువగా కనిపించేది వాటర్ టెండర్. లారీ ఛాసిస్ మీద కట్టిన ఎర్ర బాడీ, ముందు సిబ్బంది కూర్చునే క్యాబిన్, దాని వెనక నీళ్ళ ట్యాంకు. పక్క షట్టర్లు పైకి తోస్తే అరల్లో చుట్టలు చుట్టిన డెలివరీ హోస్‌లు, ఇత్తడి కప్లింగులు, బ్రాంచ్ పైపులు, ఫోమ్ డబ్బాలు, గొడ్డళ్ళు, తాళ్ళు. పైన నిచ్చెన. పంపు తిరిగేది బండి ఇంజనుతోనే. డ్రైవర్ బండి ఆపి గేరు మార్చి పీటీవో (పవర్ టేకాఫ్) కలిపితే, అంతవరకూ చక్రాలు తిప్పిన బలం పంపుకు మళ్ళుతుంది. అందుకే ఆ ఉద్యోగానికి డ్రైవర్ ఆపరేటర్ అని పేరు. తోలుకొచ్చినవాడే పంపు దగ్గర నిలబడి, గేజీ ముల్లు మీద కన్నేసి, పైన నాజిల్ పట్టుకున్నవాడికి ఎంత ప్రెషర్ ఇవ్వాలో చూసుకుంటాడు. కొంచెం తగ్గితే నీరు మంటను చేరదు, ఉన్నట్టుండి పెరిగితే నాజిల్ మనిషినే విసిరికొడుతుంది.

భారతీయ ప్రమాణాల ప్రకారం బి టైపు వాటర్ టెండర్‌లో 4500 లీటర్ల నీళ్ళు పడతాయి. వినడానికి చాలా నీళ్ళే. కానీ దాని పంపు నిమిషానికి 1800 లీటర్లు తోయగలదు. పూర్తి బలంతో నడిపితే రెండున్నర నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. పొదుపుగా ఒకే హోస్‌తో కొడితే పది నిమిషాల లెక్క. ఆ తర్వాత ఇంకో బండి రావాలి, లేదా వాటర్ బౌజర్ (పెద్ద నీళ్ళ ట్యాంకరు) రావాలి, లేదా దగ్గర్లో సంపు దొరకాలి. పల్లెలో గడ్డివాము అంటుకుంటే బావిలోకి సక్షన్ హోస్ దించుతారు. బావి నీటిమట్టం ఏడెనిమిది మీటర్లు దాటి కిందికి పోతే ఎంత గట్టి పంపైనా పైకి లాగలేదు, ఎందుకంటే నీటిని పైకి నెట్టేది గాలి ఒత్తిడే, దానికి ఒక హద్దుంది. వేసవిలో మన జిల్లాల బావుల సంగతి తెలిసినవాళ్ళకు ఈ ఏడెనిమిది మీటర్ల మాట అర్థమవుతుంది.

మన దేశంలో అగ్నిమాపక సేవ పెద్ద రేవు పట్నాల్లో వేళ్ళూనుకుని లోపలి ఊళ్ళకు పాకింది. బొంబాయి ఫైర్ బ్రిగేడ్ 1887లో ఏర్పడింది. యూరప్‌లో అప్పటికే ఆవిరితో నడిచే పంపులు, ఉల్మ్ నగరంలో మాగిరస్ రూపొందించిన చక్రాల నిచ్చెనలు వచ్చేశాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి బండి వెనక తగిలించి లాక్కెళ్ళే ట్రెయిలర్ పంపులు వాడుకలోకి వచ్చాయి. ఆ యుద్ధ రోజుల్లోనే, 1944 ఏప్రిల్ 14న, బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలు కలిపి నింపుకున్న ఫోర్ట్ స్టికీన్ ఓడ అంటుకుని పేలిపోయింది. మంటలార్పడానికి ఎక్కిన అగ్నిమాపక సిబ్బందిలో 66 మంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి వారం పాటు జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో ఫైర్ స్టేషన్ వాళ్ళు బడులకూ ఆసుపత్రులకూ వెళ్ళి సిలిండరు మంట ఎలా ఆర్పాలో చూపించేది ఆ 66 మంది జ్ఞాపకార్థమే.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాద్ ప్రాంతం, మద్రాసు నుంచి విడివడ్డ ఆంధ్ర ప్రాంతం ఒకే శాఖ కిందికి వచ్చాయి. 1999లో ప్రత్యేక అగ్నిమాపక చట్టం వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ శాఖ పేరులో విపత్తుల స్పందన కూడా చేరింది. బండ్లు రకరకాలయ్యాయి. బస్తీల సందుల్లోకి పెద్ద బండి పోదు కాబట్టి బుల్లెట్ మోటార్‌సైకిల్ మీద నీటి తుంపర చల్లే మిస్ట్ పరికరాలు వచ్చాయి. ఇనుపరేకులు కోసే హైడ్రాలిక్ కట్టర్లతో మల్టీపర్పస్ టెండర్లు వచ్చాయి. ఎత్తయిన భవనాల కోసం ఫిన్లాండ్‌లోని టాంపెరే పట్నంలో తయారైన బ్రాంటో స్కైలిఫ్ట్ వచ్చింది. మడత విప్పుకుంటూ 54 మీటర్ల ఎత్తు దాకా లేచే ఉక్కు చెయ్యి, దాని కొసన మనుషులు నిలబడే బుట్ట. కాకపోతే ఆ చెయ్యి లేవాలంటే ముందు బండి నాలుగు వైపులా జాక్‌లు చాపి నేల మీద గట్టిగా నిలదొక్కుకోవాలి. అందుకు రోడ్డు వెడల్పు కావాలి, కింద గట్టి నేల ఉండాలి, పైన కరెంటు తీగలు అడ్డు రాకూడదు. ఇవన్నీ సరిచూసుకున్నాకే మొదటి మనిషి బుట్టలోకి దిగగలిగేది.

స్వప్నలోక్ ముందు ఆ రాత్రి ఆ చెయ్యి లేచింది. టార్చీలు ఊపినవాళ్ళను స్కైలిఫ్ట్‌తోనూ నిచ్చెనలతోనూ కిందికి దించారు. అలా పది మందికి పైగా బతికి బయటపడ్డారు. మరోపక్క సిబ్బంది బీఏ సెట్లు (శ్వాస పరికరాలు) తగిలించుకుని మెట్ల మీదుగా లోపలికి వెళ్ళారు. వీపున మోసే ఆ సిలిండరులో 300 బార్ ఒత్తిడితో ఆరు లీటర్ల జాగాలో 1800 లీటర్ల గాలి కుక్కి ఉంటుంది. కాగితం మీద ముప్పావు గంటకు సరిపోవాలి. బరువు మోస్తూ మెట్లెక్కే మనిషి ఊపిరి వేగానికి అది అరగంటకే అయిపోవచ్చు. గాలి తగ్గగానే విజిల్ మోగుతుంది, అప్పుడు వెనక్కి రావాల్సిందే. తన చెయ్యి తనకే కనిపించని పొగలో, గోడ తడుముకుంటూ, ఒక్కో గది తలుపు తోసుకుంటూ వెళ్ళి వెతకాలి.

ఆరుగురూ ఐదో అంతస్తులో స్పృహ లేకుండా దొరికారు. సీపీఆర్ చేస్తూ గాంధీ, అపోలో ఆసుపత్రులకు తరలించారు. ఒక్కరూ దక్కలేదు. వాళ్ళను చంపింది పొగ.

మంటకు తగినంత గాలి అందనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగుండదు, వాసనుండదు. ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, ఆపైన కాళ్ళు సహకరించవు. తలుపు తీసుకుని పరుగెత్తాలన్న ఆలోచన కూడా మొద్దుబారిపోతుంది. ఆఫీసుల్లో ఫోమ్ కుర్చీలు, ప్లాస్టిక్, వైర్లు, తివాచీలు కాలితే ఆ విషం నిమిషాల్లో నిండుతుంది. సినిమాల్లో మంటల మధ్య మనిషి కేకలు పెడతాడు. చాలా అగ్నిప్రమాదాల్లో మనుషులు మంట తగలకముందే, నిశ్శబ్దంగా పోతారు.

ఈ విషయం భూపాలపల్లిలో బొగ్గు గని కార్మికుడికి బాగా తెలుసు. సింగరేణి భూగర్భ గనుల్లోకి దిగే మనిషి నడుముకు టోపీ దీపం బ్యాటరీతో పాటు సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా వేలాడుతుంది. గనిలో నిప్పు పుట్టినా, గ్యాస్ లేచినా దాన్ని నోట పెట్టుకుని బయటి దారి పట్టాలి. అది లేకుండా దిగనివ్వరు. ఏ దారిన బయటికి రావాలో ముందే నేర్పుతారు. నిప్పు కంటే ముందు గాలి పాడవుతుందని గనులు వందల ప్రాణాలు పోగొట్టుకుని నేర్చుకున్నాయి, దాన్ని చట్టంగా రాసుకున్నాయి. నన్ను కలచివేసేది ఇదే. తండ్రి భూమి లోపల పనిచేస్తే నడుముకు ప్రాణరక్షణ డబ్బా ఉంటుంది. కొడుకు సిటీలో ఐదో అంతస్తులో ఏసీ గదిలో పనిచేస్తే కనీసం పొగ చొరబడని మెట్లదారి ఉండదు. ఏది ప్రమాదకరమైన ఉద్యోగమని ఆ ఇంట్లోవాళ్ళు అనుకుని ఉంటారు?

స్వప్నలోక్ ఒక్కటే అయితే దురదృష్టం అనుకోవచ్చు. 2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడ తుక్కు గోదాములో పైన నిద్రపోతున్న బీహార్ కూలీలు 11 మంది చనిపోయారు. ఆ ఏడు సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ హోటల్ కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట పుట్టి, పొగ మెట్ల గుండా పైకి పోయి 8 మందిని బలి తీసుకుంది. 2023 జనవరి 19న మినిస్టర్ రోడ్డులోని దక్కన్ మాల్ భవనం పగలంతా మండింది, లోపలికి వెళ్ళిన ముగ్గురు కూలీలు తిరిగి రాలేదు. మార్చి 16న ఈ ఆరుగురు. ఏడాది తిరక్కుండానే, కొద్ది కిలోమీటర్ల పరిధిలో 28 మంది. ప్రతిచోటా ఫైరింజన్లు వచ్చాయి. మనుషులు దిగాల్సిన దారే వాళ్ళకు పనికి రాలేదు. ఆ తర్వాత 2023 నవంబర్‌లో బజార్‌ఘాట్‌లో కనీసం 9 మంది, 2025 మేలో గుల్జార్ హౌజ్‌లో 17 మంది.

స్వప్నలోక్ మృతుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఐదేసి లక్షలు, కేంద్రం రెండేసి లక్షలు ప్రకటించాయి. కేసు పెట్టారు. మంటలకు షార్ట్ సర్క్యూట్ కారణమన్నారు. షార్ట్ సర్క్యూట్ నిప్పు పుట్టిస్తుంది, నిజమే. కానీ ఆ పొగను మెట్ల మీదికి వదిలింది భవనం, దాన్ని అలా ఉండనిచ్చింది మనుషులు.

ఇది పట్నం గొడవలే అనుకుని ఊరుకోలేం. 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రాలైనప్పటి నుంచి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పైకి పెరుగుతున్నాయి. కింద బట్టల షాపు, పైన కోచింగ్ సెంటర్, ఆ పైన ఫైనాన్స్ ఆఫీసు. 2024 దీపావళికి ముందు, అక్టోబర్ 27 ఆదివారం పొద్దున్నే, జనగామలో ఒక పెద్ద బట్టల షాపింగ్ మాల్ మంటల్లో చిక్కుకుని కోట్ల సరుకు బూడిదైంది. షాపు తెరిచే వేళ కాదు గనక లోపల కొనుగోలుదారులు లేరు. అదే ముందు రోజు సాయంత్రం పండగ రద్దీలో జరిగి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా రాయాల్సి వచ్చేది.

వాటర్ టెండర్ మీద సాధారణంగా ఉండే నిచ్చెన 35 అడుగులు, అంటే పదిన్నర మీటర్లు. అది మూడో అంతస్తుతో ఆగిపోతుంది. అంతకు పైన ఉన్నవాళ్ళకు స్కైలిఫ్ట్ కావాలి, హైదరాబాద్ నుంచి అది జనగామ చేరాలంటే 85 కిలోమీటర్లు నడవాలి. మానుకోటకూ భూపాలపల్లికీ అంతకు రెట్టింపు పైనే. మరోపక్క మన నిబంధనల్లో ఎత్తు లెక్క మీద అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం తప్పనిసరయ్యేది వాణిజ్య భవనాలకు 15 మీటర్ల నుంచి, నివాస భవనాలకు 18 మీటర్ల నుంచి. జనం పోగయ్యే హాళ్ళు, మాళ్ళు, బడులు, ఆసుపత్రులకు వేరే, కాస్త కఠినమైన లెక్క ఉంది. మామూలు ఆఫీసుల కాంప్లెక్సుకు లేదు. నిచ్చెన పదిన్నర దగ్గర ఆగుతుంది, పత్రం పదిహేను దగ్గర మొదలవుతుంది. ఆ నాలుగున్నర మీటర్ల మధ్యలో మన జిల్లా పట్నాల్లో నాలుగో అంతస్తు ఉంది, అందులో పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేస్తున్నారు. మున్సిపల్ కమిషనర్లు ఆ అంతస్తుల జాబితా తీసి, ఒక్కో భవనం మెట్ల మీద పైదాకా నడిచి చూడాలి. మెట్ల కింద జనరేటర్ పెట్టారా, మలుపులో అట్టపెట్టెలు పేర్చారా, మేడ మీది తలుపుకు తాళం వేశారా, రెండో దారి ఉందా. మూడు పట్నాలకూ కలిపి ఇది కొద్ది వారాల పని.