పందెం లేని ఆట: కొల్లేటి సీమ కాలక్షేప క్రీడల నుంచి విశ్రాంతి వీడియో గేమ్‌ల వరకు

1. ఉపోద్ఘాతం

సంక్రాంతి రోజుల్లో గోదావరి జిల్లాలలో ఆట అనగానే కోడిపందెమే గుర్తుకు వస్తుంది. జంతుహింస నివారణ చట్టం (1960), ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం (1974) అమలులో ఉన్నప్పటికీ బరులు వెలుస్తూనే ఉన్నాయి. పత్రికలు ఏటా వాటిని నమోదు చేస్తున్నాయి. అదే పండుగనాడు అదే ఊరి అరుగు మీద సాగే అష్టాచెమ్మా మాత్రం వార్త కాదు. అక్కడ చేతులు మారే సొమ్ము లేదు, చెప్పుకోవలసిన పరాజయమూ లేదు. ఒత్తిడి లేని వీడియో గేమ్‌లకు నేడు లభిస్తున్న ఆదరణను అర్థం చేసుకోవాలంటే ముందుగా ఈ తేడాను గుర్తించాలి. ఈ గేమ్‌లు కొత్తవే గాని, వాటి ఆకర్షణ కొత్తది కాదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల నేపథ్యంలో ఈ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పందెానికి కథ, కాలక్షేపానికి జాబితా

తెలుగు సాహిత్యంలో పందెపుటాటకు విశిష్ట స్థానం ఉంది. భారతకథను మలుపు తిప్పింది జూదం. పల్నాటి వీరగాథలో నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడుల నడుమ జరిగిన కోడిపోరు రాజ్యాల తలరాతను మార్చింది. ఓటమికి మూల్యం ఉన్నచోట కథ పుడుతుంది. కథ ఉన్నచోట చరిత్ర నిలుస్తుంది.

మూల్యం లేని ఆటలకు దక్కింది జాబితా మాత్రమే. అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’ కావ్యం ఎన్నో ఆటల పేర్లను భద్రపరిచింది. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949)లో ఆటపాటలను సాంఘిక చరిత్రకు ఆధారాలుగా స్వీకరించారు. ఈ కృషి అమూల్యమైనది. అయినా పేరు తెలిసినంత మాత్రాన ఆట తెలియదు. ఎవరు, ఏ వేళ, ఎంతసేపు, ఏమి మాట్లాడుకుంటూ ఆడారన్నది జాబితాలో ఇమడదు. ఈ ఆటలు ఎక్కువగా స్త్రీలవీ, పిల్లలవీ, వృద్ధులవీ కావడం కూడా ఈ మౌనానికి ఒక కారణంగా భావించవచ్చు.

3. తీరికకు తగిన ఆటలు

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు నీటిని చేరుస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. వరి సాగు, చేపల వేట ప్రధానమైన ఈ సీమలో పనికి ఋతువులున్నట్లే తీరికకూ ఋతువులున్నాయి. నాట్లకూ కోతలకూ నడుమ, వేసవి మధ్యాహ్నాలలో, జాగరణ రాత్రులలో ఆటకు చోటు దొరికేది. అయితే ఈ తీరిక అందరికీ సమానంగా అందలేదు. కూలికి పోయే స్త్రీకీ, మండువా లోగిలిలోని స్త్రీకీ మధ్యాహ్నం ఒకటి కాదు.

వామనగుంటలకు కావలసింది రెండు వరుసలలో పద్నాలుగు గుంటలు, గుప్పెడు చింతపిక్కలు. అష్టాచెమ్మాకు సుద్దతో గీసిన గడులు, నాలుగు గవ్వలు చాలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్టా. ముక్కోటి ఏకాదశి జాగరణలో వైకుంఠపాళి పటం పరచుకునే ఆచారమూ ఉంది. వీటిలో పోటీ లేదనలేము. అష్టాచెమ్మాలో కాయను చంపుతారు. వైకుంఠపాళిలో పెద్దపాము మింగుతుంది. కాని చచ్చిన కాయ మళ్ళీ పుడుతుంది, పాము మింగినవాడు మళ్ళీ నిచ్చెన ఎక్కుతాడు. గెలిచిన చింతపిక్కలు చివరికి ఒకే డబ్బాలోకి చేరతాయి. గడియారం అవసరం లేకపోవడం, ఆడుతూనే మాట్లాడుకునే వీలుండడం, ఓటమిని మరునాటికి మరచిపోగలగడం అనే మూడు లక్షణాలు ఈ ఆటలన్నింటిలోనూ కనిపిస్తాయి.

4. పల్లెను వదిలినవారి సృష్టి

విశ్రాంతి వీడియో గేమ్‌ల పుట్టుక ఈ సందర్భంలో ఆసక్తికరం. 1996లో జపానులో వెలువడిన ‘హార్వెస్ట్ మూన్’ రూపకర్త యసుహిరో వాడా, టోక్యోకు వచ్చాక తాను వదిలివచ్చిన పల్లె జీవితాన్ని తలచుకుని ఆ ఆటకు రూపమిచ్చారు. 2001లో మొదలైన ‘యానిమల్ క్రాసింగ్’కు మూలం, చిబా నుంచి క్యోటోకు వెళ్ళిన కత్సుయా ఎగుచి అనుభవించిన ఒంటరితనం. ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ (2016) కథానాయకుడు కార్యాలయపు కొలువు వదిలి తాతగారి పొలానికి చేరుకుంటాడు. ఊరు విడిచినవారికి ఊరిని తిరిగి ఇవ్వడమే ఈ ఆటలలోని ప్రధాన భావన. చదువుకూ కొలువుకూ హైదరాబాదు, బెంగళూరు, అమెరికా చేరిన డెల్టా యువతకు ఇది పరాయి భావన కాజాలదు.

2020 మార్చి 20న ‘యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్’ విడుదలైంది. అయిదు రోజులకే భారతదేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. ఆ కాలంలో ఇక్కడి ఇళ్ళలో విస్తరించింది ‘లూడో కింగ్’. పచ్చీసు ఆటను సరళం చేసి 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన లూడో, ఆ విధంగా ఫోను తెర మీదుగా పుట్టింటికి చేరింది.

5. తెర మీది చేప, చెరువులోని చేప

‘యానిమల్ క్రాసింగ్’లో గాలం నుంచి చేప తప్పించుకుంటే నష్టం లేదు, కాసేపటికి మరో చేప నీడ కదులుతుంది. కొల్లేటిలో నేడు అంతటి తీరిక లేదు. 1999లో అభయారణ్యంగా, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సులో 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను ప్రభుత్వం ధ్వంసం చేసింది. జీవనోపాధికీ పర్యావరణానికీ నడుమ ఘర్షణ నేటికీ ముగియలేదు. పరిసర గ్రామాలలో బొచ్చె, శీలావతి, రొయ్య పెంచే రైతుకు రాత్రి కూడా పనివేళే. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ సమయంలో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే పెట్టుబడి మొత్తం పోవచ్చు. తెర మీద విశ్రాంతినిస్తున్న పనే నేల మీద నిద్రను హరిస్తున్నది. పనిలోని అందాన్ని ఉంచి, అప్పునూ భయాన్నీ తొలగించడమే ఆ ఆటల రహస్యం.

అయితే ఈ విశ్రాంతి కూడా సరుకు కాగలదు. 2009లో వచ్చిన ‘ఫామ్‌విల్’లో వేళకు కోయని పంట వాడిపోయేది. ఆటగాడిని పదేపదే రప్పించడమే దాని వ్యాపారసూత్రం. పొలం ఉన్నంత మాత్రాన ఆట విశ్రాంతినివ్వదని ఇది నిరూపిస్తుంది.

6. ముగింపు

ఒత్తిడి లేని ఆట అంటే సులభమైన ఆట కాదు. ఓడినవాడిని క్షమించే ఆట. ఈ దృష్టితో చూస్తే వామనగుంటల పీటకూ నేటి ఫోను తెరకూ బంధుత్వం ఉంది. తేడా ఒక్కటే: పీటకు అటువైపు మనిషి తప్పనిసరి, తెరకు కాదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం సొమ్ము పణంగా పెట్టే ఆటలను నిషేధించి, సామాజిక ఆటలను వాటినుంచి వేరుచేసింది. పందెాన్నీ కాలక్షేపాన్నీ చట్టం వేరుగా చూస్తున్నప్పుడు సాహిత్య, సాంఘిక చరిత్ర పరిశోధన కూడా ఆ పని చేయాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల వృద్ధ స్త్రీల నోట ఇంకా మిగిలి ఉన్న ఆటల పదజాలాన్ని, నియమాలను, ఆటనడుమ మాటలను సేకరించడం నేటి తక్షణ అవసరం. పందెం కథలను కవులు కాపాడారు. పందెం లేని ఆటల జ్ఞాపకాన్ని కాపాడవలసినవారు పరిశోధకులే.