దుబాయ్‌లో ఉద్యోగమా? మొదటి రెండు నెలల్లో ఈ కాగితాలు మీ చేతికొచ్చాయో లేదో చూసుకోండి!

వీసా వచ్చింది.. టికెట్ బుక్కైంది.. ఊళ్లో అందరికీ చెప్పేశారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, కోనసీమ.. ఈ ప్రాంతాల్లో గల్ఫ్ ప్రయాణం కొత్తేమీ కాదు. ఏదో ఒక వీధిలో, ఎవరో ఒకరి ఇంట్లో సూట్‌కేస్ సర్దుతూనే ఉంటారు. అయితే అక్కడ దిగాక ఇబ్బంది పడేవాళ్ల కథలు వింటే చాలావరకు ఒక్క చోటే మొదలవుతాయి. సంతకం చేసిన కాంట్రాక్ట్‌లో ఏముందో తెలియదు. పాస్‌పోర్ట్ తమ దగ్గర ఉండదు. జీతం చేతికి ఇచ్చారు కాబట్టి బ్యాంకు రికార్డు ఉండదు. అంతా బాగున్నప్పుడు ఇవేవీ గుర్తుకు రావు. తేడా వచ్చిన రోజు అడిగేది మాత్రం వీటినే.

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్.. అంటే దుబాయ్, అబుదాబి, షార్జా సహా ఏడు ఎమిరేట్లు. అక్కడికి కొత్తగా ఉద్యోగానికి వెళ్లేవాళ్లు మొదటి రోజు నుంచి ఏం చూసుకోవాలి? ఏం చేయకూడదు? ఒక్కొక్కటిగా చూద్దాం.

విమానం ఎక్కే ముందే తేల్చుకోవాల్సినవి

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ సాధారణంగా ఈసీఆర్ కేటగిరీలో ఉంటుంది. అంటే యూఏఈ లాంటి దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. ఇదంతా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా జరుగుతుంది. మిమ్మల్ని పంపుతున్న ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో కూడా అదే పోర్టల్‌లో చూసుకోవచ్చు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ అభ్యర్థి దగ్గర తీసుకోవాల్సిన ఫీజు గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి లక్షల్లో అడుగుతున్నాడంటే అక్కడే ఆగి ఆలోచించాలి. ఎంత కట్టినా సరే రసీదు తీసుకోవాలి.

ఈసీఆర్ పాస్‌పోర్ట్‌తో పనికి వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. ఈ పాలసీ కాపీ ఒకటి ఇంట్లో భార్యకో, అమ్మానాన్నలకో ఇచ్చి వెళ్లాలి. పాలసీ ఉన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియకపోతే ఆపదలో క్లెయిమ్ ఎవరు చేస్తారు?

ఇక అసలు మోసం ఎక్కువగా జరిగేది ఒక్క మాటతో. "ముందు విజిట్ వీసా మీద వచ్చెయ్ తమ్ముడూ.. ఇక్కడికి వచ్చాక మార్చేద్దాం" అంటారు. విజిట్ వీసాపై పని చేయడం అక్కడ నేరం. వర్క్ పర్మిట్ లేకుండా పని చేయించుకున్న యజమానికి 2024లో సవరించిన చట్టం ప్రకారం లక్ష నుంచి 10 లక్షల దిర్హాంల వరకు జరిమానా పడుతుంది. అయినా దొరికిన కార్మికుడి పరిస్థితి వేరే చెప్పాలా? వీసా గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హాంల చొప్పున ఫైన్ పెరుగుతూ పోతుంది. మన గల్ఫ్ కార్మికులు 'ఖల్లివెల్లి' అని పిలుచుకునే బతుకు చాలామందికి ఇలాగే మొదలవుతుంది.

సూట్‌కేస్‌లో గసగసాలు వద్దు

అమ్మ ప్రేమగా కట్టిచ్చే మసాలా ప్యాకెట్టే జైలుకు దారి తీయొచ్చు. మన వంటింట్లో మామూలుగా ఉండే గసగసాలు యూఏఈలో నిషేధిత పదార్థం. కొంచెమే కదా అంటే కుదరదు. గసగసాలు కలిపిన మసాలా పొడి కూడా తీసుకెళ్లకపోవడమే మంచిది.

మందుల విషయంలోనూ అంతే జాగ్రత్త. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు, కొన్ని నిద్ర మాత్రలు, మానసిక సమస్యల మందులపై అక్కడ గట్టి ఆంక్షలున్నాయి. తప్పనిసరిగా వాడాల్సినవైతే డాక్టర్ చీటీ దగ్గర పెట్టుకుని, ముందుగానే ఆ దేశ ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో అనుమతి తీసుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట. "ఇది మావాడికి ఇచ్చేయ్" అని ఎవరైనా సీల్ వేసిన ప్యాకెట్ ఇస్తే, విప్పి చూడకుండా తీసుకోవద్దు. ఎయిర్‌పోర్ట్‌లో అది ఎవరి బ్యాగులో ఉంటే వాళ్లదే.

దిగాక మొదటి 60 రోజులు

ఉద్యోగ ఎంట్రీ పర్మిట్‌తో వచ్చినవాళ్లకు సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోపే మెడికల్ టెస్ట్, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ, రెసిడెన్స్ వీసా పూర్తి కావాలి. మెడికల్‌లో రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. గతంలో పాస్‌పోర్ట్‌లో వీసా స్టిక్కర్ వేసేవారు. 2022 నుంచి అది ఆపేశారు. ఇప్పుడు ఎమిరేట్స్ ఐడీయే మీ నివాస గుర్తింపు. మనవాళ్లు 'బతాకా' అనేది దీన్నే.

బ్యాంకు ఖాతా, సిమ్ కార్డు, ఆస్పత్రి.. అన్నింటికీ ఈ కార్డే కావాలి. గడువు దగ్గర పడుతున్నా పనులు కదలకపోతే "కంపెనీ వాళ్లే చూసుకుంటారులే" అని ఊరుకోవద్దు. ఎక్కడిదాకా వచ్చిందో అడగాలి. ఈ పనుల ఖర్చు, రిక్రూట్‌మెంట్ ఖర్చు యజమానే భరించాలని అక్కడి కార్మిక చట్టం చెబుతోంది. జీతంలోంచి కోసుకోవడానికి వీల్లేదు.

పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉండాలి?

మీ దగ్గరే. కార్మికుడి పాస్‌పోర్ట్‌ను యజమాని తన దగ్గర పెట్టుకోవడాన్ని యూఏఈ చట్టం నిషేధించింది. వీసా పనుల కోసం ఇస్తే, పని అయ్యాక తిరిగి అడిగి తీసుకోవాలి. ఇవ్వకముందే మొదటి, చివరి పేజీల ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపాలి. ఆఫర్ లెటర్, కాంట్రాక్ట్, ఎమిరేట్స్ ఐడీ రెండు వైపులా, ఇన్సూరెన్స్ కార్డు.. వీటి ఫొటోలు కూడా ఊళ్లో ఒకరి ఫోన్లో ఉండాలి. మీ ఫోన్ పోయినా ఆధారం మిగులుతుంది.

'బేసిక్' ఎంత? అసలు లెక్క ఇక్కడే

చాలామంది మొత్తం జీతం ఎంతో చూస్తారు కానీ, అందులో బేసిక్ ఎంతో చూడరు. ఉద్యోగం మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కేస్తారు. కనీసం ఏడాది సర్వీసు ఉంటే, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికి 30 రోజుల బేసిక్ జీతం ఇవ్వాలి.

ఒక ఉదాహరణ చూడండి. ఇద్దరికీ నెల జీతం 2,000 దిర్హాంలే. ఒకరి బేసిక్ 1,000, మరొకరి బేసిక్ 1,600. మిగతాది అలవెన్సులు. ఐదేళ్లు పనిచేసి ఇద్దరూ ఇంటికి బయల్దేరితే మొదటి వ్యక్తికి 3,500 దిర్హాంలు, రెండో వ్యక్తికి 5,600 దిర్హాంలు వస్తాయి. ఒకే పని, ఒకే జీతం.. తేడా మాత్రం 2,100 దిర్హాంలు. కాంట్రాక్ట్‌లో ఒక్క గడి చూసుకోకపోవడం వల్ల పోయే డబ్బు ఇది.

ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ సంతకం పెట్టమనే కాగితంలో ఇంకొకటి ఉంటే సంతకం పెట్టకముందే అడగాలి. అక్కడి మంత్రిత్వ శాఖ ఆఫర్ లెటర్ అరబిక్, ఇంగ్లీష్‌తో పాటు హిందీ, తమిళం లాంటి భాషల్లోనూ ఉంటుంది. చదవడం రాకపోతే తెలిసిన వాళ్లతో చదివించుకుని వినాలి.

ఇవి కూడా గుర్తుంచుకోండి. పని గంటలు రోజుకు 8, వారానికి 48. ప్రొబేషన్ ఆరు నెలలకు మించకూడదు. ఏడాది పూర్తయితే 30 రోజుల జీతంతో కూడిన సెలవు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో బయటి పని చేయించకూడదు. రంజాన్ నెలలో ప్రైవేటు కంపెనీల్లో పని రోజుకు రెండు గంటలు తగ్గుతుంది. ఇవన్నీ ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు వర్తించేవి. ఇళ్లల్లో పనిచేసే వాళ్లకు వేరే చట్టం ఉంది.

జీతం ఆగితే ఏం చేయాలి?

జీతం బ్యాంకు ద్వారా లేదా శాలరీ కార్డు ద్వారా వచ్చేలా అక్కడ వేజ్ ప్రొటెక్షన్ సిస్టమ్ ఉంది. గడువు తేదీ దాటి 15 రోజులైనా జీతం పడకపోతే ఆలస్యంగా లెక్క. ఇలాంటప్పుడు కోపంతో పని మానేసి బయటికి వెళ్లిపోవడం చాలామంది చేసే పెద్ద తప్పు. చెప్పకుండా వెళ్లిపోతే పరారీ కేసు పెట్టే అవకాశం యజమానికి దొరుకుతుంది. అప్పుడు బాకీ జీతం సంగతి వెనక్కిపోయి, కేసు ముందుకొస్తుంది.

ముందు కార్మిక మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయాలి. యాప్‌లో చేయొచ్చు, 600590000కు ఫోన్ చేయొచ్చు. 50 వేల దిర్హాంల లోపు వివాదాలపై మంత్రిత్వ శాఖే నిర్ణయం తీసుకోగలదు. ఉద్యోగం ముగిశాక రావాల్సిన డబ్బు 14 రోజుల్లో ఇవ్వాలి. ఒకవేళ ఇవ్వకపోయినా, ఉద్యోగం ముగిసిన రెండేళ్లలోపు క్లెయిమ్ చేసుకోవచ్చు.

ఉద్యోగం పోయినప్పుడు ఆదుకునే బీమా కూడా ఉంది. బేసిక్ 16 వేల దిర్హాంల లోపు ఉంటే నెలకు 5 దిర్హాంలు కట్టాలి. 12 నెలలు వరుసగా కట్టి ఉంటే, మీ తప్పు లేకుండా ఉద్యోగం పోయినప్పుడు బేసిక్‌లో 60 శాతం చొప్పున గరిష్ఠంగా మూడు నెలలు ఇస్తారు. ఈ బీమా తీసుకోకపోతే 400 దిర్హాంల ఫైన్ ఉంది.

గది, ఫోన్, మెట్రో..

కంపెనీ క్యాంప్ లేనివాళ్లు మొదట్లో బెడ్ స్పేస్‌లోనే ఉంటారు. అద్దె తక్కువని ప్లైవుడ్ పార్టిషన్ గదుల్లో దిగొద్దు. అగ్ని ప్రమాదం జరిగితే బయటపడటం కష్టం, పైగా అధికారులు ఎప్పుడైనా ఖాళీ చేయిస్తారు. దుబాయ్‌లో అద్దె ఒప్పందాన్ని 'ఎజారీ'లో నమోదు చేయాలి. మీకు గది ఇస్తున్న వ్యక్తి పేరు మీద ఎజారీ ఉందా? వేరేవాళ్లకు ఇవ్వడానికి ఓనర్ ఒప్పుకున్నారా? ఈ రెండూ అడగాలి.

వాట్సాప్‌లో మెసేజ్‌లు, ఫొటోలు వెళ్తాయి. కాల్స్ మాత్రం అక్కడ సాధారణంగా పనిచేయవు. ఇంటికి వీడియో కాల్ చేయాలంటే అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ వాడాలి. అదే యాప్‌ను ఊళ్లోవాళ్ల ఫోన్‌లోనూ వేసి వెళ్తే మంచిది. అక్కడి టైమ్ మన కంటే గంటన్నర వెనక అన్నది కూడా ఇంట్లో చెప్పండి.

దుబాయ్ మెట్రో, బస్సులకు నోల్ కార్డు చాలు. మెట్రోలో తిన్నా, తాగినా 100 దిర్హాంల ఫైన్. మహిళల పెట్టెలో మగవాళ్లు ఎక్కినా ఫైనే. జీబ్రా క్రాసింగ్ లేని చోట రోడ్డు దాటితే 400 దిర్హాంలు పోతాయి.

తెలియక చేసే తప్పులు.. తెలిశాక చేయొద్దు

మన దగ్గర మామూలు అనుకునేవి అక్కడ కేసులవుతాయి. అనుమతి లేకుండా ఇతరుల ఫొటో, వీడియో తీసి సోషల్ మీడియాలో పెట్టడం నేరం. రీల్స్ చేసేవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. వాట్సాప్‌లో బూతు తిట్టినా సైబర్ క్రైమ్ కేసు పెట్టొచ్చు. లైసెన్స్ ఉన్న సంస్థలు తప్ప మిగతావాళ్లు విరాళాలు వసూలు చేయకూడదు. వినాయక చవితి చందా అయినా, సాటి ఊరివాడి ఆస్పత్రి ఖర్చుకైనా గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టేముందు ఆగాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. "నీ ఐడీ మీద ఒక సిమ్ తీసివ్వు", "నీ అకౌంట్‌లో డబ్బు పడుతుంది, తీసి ఇవ్వు" అని రూమ్మేట్ అడిగినా ఒప్పుకోవద్దు. ఆ సిమ్‌తో, ఆ అకౌంట్‌తో మోసం జరిగితే పోలీసులు వచ్చేది మీ కోసమే.

ఇంటికి డబ్బు పంపేటప్పుడు

విదేశీ ఉద్యోగానికి వెళ్లాక ఊళ్లోని మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్పించుకోవాలి. అక్కడి సంపాదన పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరిస్తే, దానిపై వచ్చే వడ్డీకి ప్రవాసులుగా ఉన్నంతకాలం మన దేశంలో ఆదాయ పన్ను ఉండదు. నాలుగు పైసలు ఎక్కువొస్తాయని హవాలాలో పంపొద్దు. అది రెండు దేశాల్లోనూ నేరమే. డబ్బు మునిగినా అడగడానికి దిక్కుండదు.

ఈ నంబర్లు సేవ్ చేసుకోండి

పోలీసులకు 999, అంబులెన్స్‌కు 998, ఫైర్‌కు 997. కార్మిక మంత్రిత్వ శాఖకు 600590000. భారతీయుల కోసం పనిచేసే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 80046342. అబుదాబిలో భారత రాయబార కార్యాలయం, దుబాయ్‌లో కాన్సులేట్ ఉన్నాయి. ఊళ్లో ఉన్న కుటుంబం విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

ఇంట్లోవాళ్లు కూడా ఒక పని చేయాలి. మనిషి బయల్దేరిన మూడో నెల మొదటి రోజున ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి. పాస్‌పోర్ట్ నీ దగ్గరే ఉందా? బతాకా వచ్చిందా? కాంట్రాక్ట్ కాపీ ఉందా? జీతం బ్యాంకులో పడుతోందా? నాలుగింటికీ అవునంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఒక్కదానికి కాదన్నా, అప్పటికింకా సరిదిద్దుకునే టైమ్ ఉంటుంది.