ఐఫోన్‌ని పడగొట్టిన మన 'జ్ఞా'

వారం వారం ఫోన్ల వార్తలు చదవడం నాకు పాత జబ్బు. ఏ కంపెనీ ఏం వదిలింది, ఎవరి ఫోన్ ఎక్కడ కాలింది, ఎవరు ఎవరి మీద దావా వేశారు... ఇవన్నీ చదివినంతసేపూ ప్రపంచం తలకిందులైపోతున్నట్టే ఉంటుంది, వచ్చే శుక్రవారానికి ఒక్కటీ గుర్తుండదు. కానీ 2018 ఫిబ్రవరి మధ్యలో వచ్చిన ఒక వార్త మాత్రం నన్ను ఇప్పటికీ వదలదు. ఎందుకంటే అందులో మన భాష పేరుంది. ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెప్తా. అంత గొప్పగా చెప్పుకునేది కాదు.

వార్త ఏంటంటే, ఒక తెలుగు అక్షరాన్ని మెసేజ్‌లో పంపితే ఐఫోన్ కూలిపోతోందని. అప్పటికి ఐఓఎస్ 11.2.5 నడుస్తోంది. ముందు ఒక ఇటాలియన్ మొబైల్ సైటు రాసింది, ఒకటి రెండు రోజుల్లో అమెరికా సైట్లన్నీ ఎత్తుకున్నాయి. ఆ అక్షరాన్ని వాట్సాప్‌లోనో, ఆపిల్ వాళ్ళ మెసేజెస్‌లోనో, జీమెయిల్‌లోనో తెరిస్తే ఆ యాప్ టప్పున మూసుకుపోతుంది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అంతే. నోటిఫికేషన్‌గా వచ్చిందా, యాప్ కాదు, హోమ్ స్క్రీన్‌ని నడిపే స్ప్రింగ్‌బోర్డే పడిపోతుంది. ఇంకేముంది, పనీపాటా లేనివాళ్ళు కొందరు దాన్ని ట్విట్టర్‌లో అతికించి, చదివినవాడి యాప్‌నల్లా కూల్చుకుంటూ పోయారు.

ఆ అక్షరం 'జ్ఞా'. జ్ఞానంలో జ్ఞా, జ్ఞాపకంలో జ్ఞా. మనలో సగంమంది దాన్ని 'గ్నా' అంటాం, మిగతా సగం 'గ్యా' అంటాం, సరిగ్గా పలికేది సంస్కృతం మాస్టారొక్కరే. మన నోరే తిరగని అక్షరానికి పాపం ఐఫోన్ మాత్రం ఏం చేస్తుందిలే అని ఆ వారం మావాళ్ళంతా జోకులేసుకున్నాం :)

అయితే ఆ కంపెనీకి ఆ చలికాలమే బాగాలేదు. అది చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. 2017 నవంబర్ మొదట్లో ఇంగ్లీషులో 'ఐ' అనే చిన్నక్షరం కొడితే దానంతటదే 'ఏ'గా మారి, పక్కన ప్రశ్నార్థకం పెట్టిన డబ్బా ఒకటి ప్రత్యక్షమయ్యేది. దాన్ని సరిచెయ్యడానికి 11.1.1 వదిలారు. అదే నెల చివర్లో మ్యాక్ ఓఎస్ హై సియెర్రాలో పాస్‌వర్డ్ లేకుండానే 'రూట్' అని కొట్టి లోపలికి పోవచ్చని బయటపడింది. నవ్వాలో ఏడవాలో తెలీని బగ్ అది. డిసెంబర్ 2 రాగానే కొన్ని ఫోన్లు రీస్టార్ట్ అవుతూ కూర్చున్నాయి. డిసెంబర్ చివర్లో పాత బ్యాటరీ ఉన్న ఫోన్లని కావాలనే నెమ్మది చేశామని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి 79 డాలర్ల నుంచి 29 డాలర్లకి దించారు. జనవరిలో ఒక లింకు పంపితే మెసేజెస్ బిగుసుకుపోయే 'చాయ్‌ఓఎస్' వచ్చింది. దాన్ని సరిచేసిందే 11.2.5. అంటే ఒక టెక్స్ట్ బాంబుకి మందేసిన వెర్షన్‌లోనే రెండో టెక్స్ట్ బాంబు కూర్చుని ఉందన్నమాట! ఫిబ్రవరిలో కొత్తగా వచ్చిన హోమ్‌పాడ్ స్పీకర్ చెక్క బల్లల మీద తెల్లటి మరకలు పెట్టడం మొదలెట్టిన వారమూ, మన జ్ఞా వారమూ ఒకటే.

ఇప్పుడు ఒక్క సంగతి గమనించండి. ఇంగ్లీషు 'ఐ' కొడితే తప్పొచ్చినప్పుడు ఎవరూ దాన్ని 'ఇంగ్లీష్ బగ్' అనలేదు. ఆటోకరెక్ట్ బగ్ అన్నారు, ఐఓఎస్ బగ్ అన్నారు. మనదానికొచ్చేసరికి 'తెలుగు బగ్' అయింది. 'ఫోన్లు కూల్చే ఇండియన్ అక్షరం' అని శీర్షికలు పెట్టారు. తప్పు చేసింది అక్షరమైనట్టు.

పైగా అది ఒక్క తెలుగుదీ కాదు. అప్పట్లో మొజిల్లాలో పనిచేసే మనీష్ గోరేగావ్‌కర్ అనే ఇంజనీరు కూర్చుని రకరకాల అక్షరాలు వేసి చూసి వివరంగా రాశాడు. దేవనాగరిలో కింద 'ర' చేరే కొన్ని అక్షరాలతో కూడా కూలుతోంది, బెంగాలీలోనూ కూలుతోంది. తెలుగులో అయితే దాదాపు ఏ సంయుక్తాక్షరమైనా చాలు. జ్ఞా ముందు దొరికింది కాబట్టి పేరు మనకొచ్చింది, అంతే.

ఇంకో ముఖ్యమైన విషయం, చాలా వార్తల్లో ఇది రాలేదు. మనం మామూలుగా రాసుకునే జ్ఞాపకం, విజ్ఞానం, ఆజ్ఞ - వీటివల్ల ఏ ఫోనూ కూలలేదు. కూల్చిన దాంట్లో కంటికి కనపడని ఒక క్యారెక్టర్ ఎక్కువుంది. వరసగా చెప్తే: జ, పొల్లు, ఞ, ఆ కనపడనిది, చివర దీర్ఘం. మొత్తం అయిదు. ఆ కనపడనిదాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కంప్యూటర్లో తెలుగు రాసేవాళ్ళకి ఇది పాత స్నేహితుడే. 'రాజ్‌కుమార్' అని రాయాలంటే జ కింద క వత్తు పడకుండా మధ్యలో ఇది పెడతాం. పెట్టకపోతే 'రాజ్కుమార్' అయి కూర్చుంటుంది. 'ఫేస్‌బుక్', 'సాఫ్ట్‌వేర్', అన్నిటిలోనూ ఉంటుంది. కానీ దాని చోటు పొల్లు తర్వాత. వత్తుకీ గుణింతానికీ మధ్య దానికి పనిలేదు. ఎవరి కీబోర్డు నుంచి అలా పడిందో మరి!

అది పడితే ఏమవుతుంది? ఇక్కడ మన లిపి సంగతి కాస్త చెప్పుకోవాలి. పలక మీద జ్ఞా ఎలా రాస్తాం? జ రాసి, దానికి దీర్ఘమిచ్చి, కింద ఞ వత్తు పెడతాం. కానీ పలికేటప్పుడు జ్, ఞ్, ఆ - దీర్ఘం చివర వస్తుంది. యూనికోడ్ దాచుకునేది పలికే వరసలో. చూపించేది రాసే రూపంలో. అంటే బొమ్మ గీసే ప్రోగ్రాము చివర్లో ఉన్న దీర్ఘాన్ని పట్టుకుని, వత్తు మీదుగా వెనక్కి తెచ్చి, జ తలకి తగిలించాలి. హిందీలో ఈ బాధ తక్కువ, వాళ్ళ దీర్ఘం పలికిన చోటే కుడిపక్కన నిలబడుతుంది. మనకి మాత్రం ప్రతి ఒత్తక్షరానికీ ఈ వెనకడుగు తప్పదు. ఆ వెనక్కి వచ్చే దారిలో అక్కడ ఉండకూడని కనపడని మనిషి ఒకడు నిలబడి ఉంటే లెక్క తప్పింది. ఇది నాకర్థమైనంత. ఆపిల్ వాళ్ళు మాత్రం రెండు వాక్యాలే రాశారు: కోర్‌టెక్స్ట్‌లో ఒక రకం స్ట్రింగు వల్ల మెమరీ పాడవుతోంది, లోపలికొచ్చేదాన్ని ఇంకాస్త బాగా సరిచూస్తున్నాం అని. సీవీఈ-2018-4124 అని నంబరిచ్చారు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది, మ్యాక్‌కీ వాచీకీ టీవీకీ కూడా అదే రోజు. అన్నట్టు, అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఈ జబ్బు లేదు. అంటే కొత్తదాంట్లో ముందే పోయింది, జనం చేతుల్లో ఉన్నదాంట్లో మాత్రం మిగిలిపోయింది.

కోర్‌టెక్స్ట్ అంటే గుర్తొచ్చింది, ఇది మొదటిసారి కాదు. 2013లో కొన్ని అరబ్బీ అక్షరాలకి ఐఫోన్లూ మ్యాక్‌లూ ఇలాగే పడ్డాయి. 2015 మేలో అరబ్బీ, దేవనాగరి గుర్తులు కలిపిన ఒక మెసేజ్ నోటిఫికేషన్‌గా వస్తే ఫోన్ రీస్టార్ట్ అయ్యేది. మన తర్వాత 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరాలూ ఇటలీ జెండా ఎమోజీ కలిసి అదే పని చేశాయి. అరబ్బీ, దేవనాగరి, తెలుగు, బెంగాలీ, సింధీ - వరస చూశారుగా. ఎవరో మన మీద పగబట్టారని నేననను. టెస్టు చేసేవాడు తనకొచ్చిన భాషలో టెస్టు చేస్తాడు, మనమైనా అంతే చేస్తాం. కానీ అతికించుకునే, ఒరిగిపోయే, వెనక్కి నడిచే అక్షరాలున్న లిపులన్నీ ఆ బల్ల దగ్గర 'మిగతావి' అనే ఒక్క డబ్బాలో పడి ఉంటాయి. టిమ్ కుక్ 2016 మేలో హైదరాబాదొచ్చి మ్యాప్స్ ఆఫీసు ప్రకటించి వెళ్ళాడు, 4,000 దాకా ఉద్యోగాలన్నాడు. దానికీ దీనికీ ముడిపెట్టి ఆ వారం చాలామంది వెక్కిరించారు గానీ, మ్యాపులు గీసేవాళ్ళకీ అక్షరాలు గీసేవాళ్ళకీ సంబంధం లేదు.

నిజానికి మన అక్షరం తెరకెక్కడానికి పడ్డ పాట్లు చూస్తే 2018లో జరిగింది చిన్న దెబ్బే. 1991లో యూనికోడ్ మొదటి పుస్తకంలోనే తెలుగు ఉంది. మన దేశంలో తయారైన ఇస్కీ పద్ధతినే వాళ్ళు తీసుకున్నారు, అందుకే వత్తులకి విడిగా అంకెలు లేవు, హల్లు-పొల్లు-హల్లు అని రాస్తే వత్తు చెయ్యడం ప్రోగ్రాము పని. అంకెలు ఇచ్చారు సరే, గీసేదెవరు? 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చేదాకా సామాన్యుడికి దిక్కులేదు. ఎక్స్‌పీలో గౌతమి ఖతి ఉండేది గానీ అది దానంతటది పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి, రీజనల్ ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్టుల డబ్బాలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ ఎక్కడుందో ఇల్లంతా వెతికి... గుర్తుందా? ఎంతమంది స్నేహితుల కంప్యూటర్లకి నేనీ సేవ చేశానో లెక్కలేదు. ఈలోగా పత్రికల సైట్లు ఒక్కోటి ఒక్కో సొంత ఖతి. ఆ గోలని యూనికోడ్‌లోకి మార్చడానికి వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్‌కి 'పద్మ' రాశాడు. 2003 డిసెంబర్లో తెలుగు వికీపీడియా మొదలుపెట్టిందీ ఆయనే. దేశికాచారి గారి పోతన ఖతి, వీవెన్ లేఖిని, ఇవన్నీ జీతం లేకుండా చేసిన పనులు. మ్యాక్ వాళ్ళకైతే 2011లో లయన్‌తో గానీ సిస్టమ్‌లో తెలుగు ఖతులు రాలేదు. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగంటే డబ్బాలే. ఒపెరా మినీలో ఎక్కడో దాక్కున్న సెట్టింగు ఒకటి మార్చి, అక్షరాలని బొమ్మలుగా తెప్పించుకుని చదివేవాళ్ళం.

సరే, మొదట్లో చెప్తానన్నది.

ఆ వారం నేను పనిచేస్తున్న చోట (పేరెందుకు లెండి) కస్టమర్లతో మాట్లాడే ఒక చాట్ యాప్ మా చేతిలో ఉండేది. ఐఫోన్లలో కూలుతోందని ఫిర్యాదులు మొదలయ్యాయి. రాత్రి తొమ్మిదింటికి కాల్ పెట్టారు. అమెరికా నుంచి మేనేజరు చాలా మామూలుగా అడిగాడు, ఆ భాషని కొన్నాళ్ళు ఆపేస్తే పోతుందిగా అని. అంటే తెలుగు అక్షరాలు ఏవొచ్చినా సర్వర్లోనే తీసిపారెయ్యడం. కాల్‌లో తెలుగువాళ్ళం నలుగురం ఉన్నాం. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు.

నేను అడ్డం పడ్డాను. మొత్తం భాష ఎందుకు, ఆ ఒక్క అక్షరం తీసేస్తే చాలన్నాను. పది నిమిషాలు వాదించి గెలిచాను, గెలిచిన ఊపులో అప్పటికప్పుడు నేనే రెగెక్స్ రాశాను. జ, పొల్లు, ఞ, దీర్ఘం - కనపడనిది ఉన్నా లేకపోయినా తీసెయ్. కనపడనిది ఉంటేనే కూలుతుందన్న సంగతి ఆ రాత్రికి నాకు తెలీదు. గోరేగావ్‌కర్ రాసింది తర్వాత చదివాను, చదివి ఆహా అనుకున్నాను, నా రెగెక్స్ మాత్రం గుర్తుకు రాలేదు. 11.2.6 వచ్చింది, అందరూ అప్‌డేట్ చేసుకున్నారు, నేను వేరే ప్రాజెక్టుకి మారాను.

ఎనిమిది నెలల తర్వాత మా టెస్టింగ్ కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, ఫిబ్రవరిలో సర్వర్లో ఏదో ఫిల్టర్ పెట్టావంట, అదింకా ఉందా?"

"ఏదిరా?"

"ఒకావిడ మూడోసారి కంప్లయింట్ పెట్టింది. శ్రీకాళహస్తి వైపు. ప్రతిసారీ తన పేరు తప్పు పడుతోందంట. మనవాళ్ళు ఆవిడే తప్పు కొడుతోందని రెండుసార్లు టికెట్ మూసేశారు."

శ్రీకాళహస్తి అనగానే నాకు వెలిగింది. అక్కడ అమ్మవారు జ్ఞానప్రసూనాంబ. ఆ చుట్టుపక్కల ఇంటికొక జ్ఞానప్రసూన ఉంటుంది. మా తెర మీద ఆవిడ ఎనిమిది నెలలుగా 'నప్రసూన'.

ఆవిడ రెండో టికెట్లో రాసింది వాడు చదివి వినిపించాడు. "నా పేరు నాకు రాయడం వచ్చు సార్" అని ఉంది.

ఆ ఒక్క లైను తీసెయ్యడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, అనుమతులకి మూడు రోజులు. తీశాక లాగులు తిరగేస్తే ఇంకా బోలెడు కనిపించాయి. 'పకం ఉంచుకోండి' అని ఒకరు, 'విపన పంపాను' అని ఒకరు. వాటిని పంపినవాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదు, ఫోనే అంత అనుకుని ఊరుకున్నట్టున్నారు. ఆవిడకి మాత్రం క్షమాపణ చెప్తూ నేనే జవాబు రాశాను. పంపే ముందు పేరు నాలుగుసార్లు సరిచూసుకున్నాను.