ఎవరి ఇంట భోజనం చేశాం?

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయము, గలతీయులకు 2:11–14

 

ఈ దినము ఒక ప్రశ్న ఆలోచిద్దాం. మన హృదయంలో ఉన్న పక్షపాతం మనకు ఎలా తెలుస్తుంది? అబద్ధమాడితే మనస్సాక్షి గద్దిస్తుంది. దొంగిలిస్తే భయం పుడుతుంది. కాని సాటి మనిషిని తక్కువగా చూడడం చిన్ననాటి నుండి అలవాటైతే, అది పాపమని కూడా తోచదు. "మా పెద్దల ఆచారం" అని సరిపెట్టుకుంటాము.

పేతురు సంగతి చూడండి. యొప్పేలో మిద్దెమీద ప్రార్థన చేస్తుండగా దర్శనం ఒక్కసారి కాదు, మూడుసార్లు కలిగింది. అయినా దాని భావమేమిటో ఆయనకు వెంటనే తోచలేదు. కైసరయకు వెళ్లి, కొర్నేలీ ఇంట అడుగుపెట్టి, అక్కడ కూడినవారితో మాట్లాడినప్పుడే దేవుడు పక్షపాతి కాడని గ్రహించాడు. అదే పేతురు తరువాత అంతియొకయలో, యెరూషలేము నుండి కొందరు రాగానే అన్యజనులతో కలిసి తినడం మానుకొన్నాడు. దర్శనం చూసినవాడే వెనుకకు తగ్గాడు! పౌలు ఆయనను ముఖాముఖిగా ప్రశ్నించవలసి వచ్చింది. ప్రియులారా, పక్షపాతం ఒక్క ప్రసంగంతో పోయేది కాదు. సహోదరులు ఎదురెదురుగా కూర్చొని అడిగితేనే అది బయటపడుతుంది.

సంఘ చరిత్ర కూడా ఇదే సాక్ష్యమిస్తుంది. అమెరికాలో న్యూజెర్సీ ప్రాంతంలో జాన్ వూల్మన్ అనే విశ్వాసి ఉండేవాడు. 1720లో పుట్టాడు. క్వేకర్ల సంఘానికి చెందినవాడు. ఆ రోజుల్లో నల్లజాతి వారిని బానిసలుగా కొనడం, అమ్మడం క్రైస్తవుల మధ్యనే మామూలు వ్యాపారం. యౌవనంలో ఉండగా, ఒక నల్లజాతి స్త్రీని అమ్మే పత్రం రాయమని యజమాని అతనికి చెప్పాడు. రాశాడు గాని, ఆ పని క్రైస్తవ మతానికి తగినది కాదని యజమాని ఎదుటనే చెప్పాడు. తరువాత అలాంటి పత్రాలు రాయడానికి ఒప్పుకోలేదు.

ఆయన ఏమి చేశాడు? గుర్రమెక్కి ఊరూరా తిరిగాడు. బానిసలున్న విశ్వాసుల ఇళ్లకు వెళ్లి, నలుగురితో కూర్చొని మెల్లగా మాట్లాడాడు. ఆ ఇళ్లలో బానిసలు తనకు చేసిన సేవకు డబ్బు ఇచ్చేవాడు. ఎవరినీ దూషించలేదు, ఎవరినీ వదిలిపెట్టలేదు. క్వేకర్ల కూటములలో ఓట్లు వేసే పద్ధతి లేదు. ప్రశ్నలు చదువుతారు, మౌనంగా కనిపెడతారు, తరువాత మాట్లాడతారు. అలా ఏళ్ల తరబడి సాగిన మాటల ఫలితంగా, 1758లో ఫిలదెల్ఫియా వార్షిక కూటము బానిసలు గలవారి ఇళ్లకు వెళ్లి మాట్లాడడానికి కొందరిని నియమించింది. వారిలో వూల్మన్ ఒకడు. 1772లో ఆయన చనిపోయాడు. 1776లో ఆ కూటము, బానిసలను ఉంచుకునేవారు తమ సంఘంలో ఉండకూడదని తీర్మానించింది. పద్దెనిమిది సంవత్సరాలు! ఓర్పు లేనివారికి ఈ పని సాగదు.

ఇక మన దేశానికి వద్దాం. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఆ బళ్లారికి 1810లోనే లండన్ మిషనరీ సొసైటీ వారు జాన్ హ్యాండ్స్‌ను పంపారు. సువార్త వచ్చింది. అయితే కులం కూడా గుడిలోకి నడిచి వచ్చింది. 1850లో మద్రాసులో కూడిన మిషనరీల సమావేశం దీనిపై గట్టి తీర్మానం చేసింది. కులాన్ని విడిచిపెట్టినట్టు రుజువు కావాలని, ఏ క్రైస్తవునితోనైనా కలిసి భోజనం చేయడానికి నిరాకరించేవాడు కులాన్ని విడువనివాడేనని చెప్పింది. తీర్మానం మంచిదే. కాని పైనుండి వచ్చిన ఆజ్ఞ నోరు మూయించగలదు గాని హృదయాన్ని మార్చలేదు. చాలా తెలుగు పల్లెల్లో మాలలు ఒక మిషనులో చేరితే, మాదిగలు మరో మిషనులో చేరారు. ఒకే ఊరు, ఒకే ప్రభువు, రెండు గుళ్లు!

మరి ఆ మిషనరీల మాటేమిటి? 1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. దోర్నకల్‌లో సేవ చేస్తున్న వి.ఎస్. అజరయ్య అక్కడ నిలిచి, తెల్ల మిషనరీలు తమతో పనిచేసే భారతీయ సేవకులను భోజనానికి పిలవడం ఎంత అరుదో చెప్పాడు. మీ త్యాగాన్ని మరువలేము, అయితే మాకు కావలసింది స్నేహము అన్నాడు. సభలో కొందరు నొచ్చుకున్నారు. కులపు పంక్తిని ఖండించినవారికి తమ రంగు పంక్తి కనబడలేదు. అజరయ్య 1912 డిసెంబరు 29న బిషప్పుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు ఆయనే. తనకు జరిగిన అవమానంతోనే ఆగిపోలేదు. తన సంఘంలోని మాల, మాదిగ విశ్వాసులు ఒకటిగా ఉండాలని పట్టుబట్టాడు.

మరొక సంగతి. 1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశానికి వచ్చాడు. కేరళలో, అంటరానివారని పిలువబడిన కుటుంబాల పిల్లలు చదివే బడికి వెళ్లాడు. ప్రధానోపాధ్యాయుడు ఆయనను, అమెరికా నుండి వచ్చిన మరొక అంటరానివాడని పరిచయం చేశాడు. కింగ్ మొదట నొచ్చుకున్నాడు. తరువాత తన దేశంలో తన ప్రజల స్థితి తలచుకొని, అవును, నేనూ అంటరానివాడినే అని ఒప్పుకున్నాడు. 1965లో తన సంఘానికి ప్రసంగంలో ఈ సంగతి తానే చెప్పాడు. అన్యాయానికి గురైనవాడు కూడా నేర్చుకోవలసింది ఉంటుంది. మనలో ఒకడు తన పైవాని చేతిలో అవమానం పొంది, ఇంటికొచ్చి తన కిందివాడని తలచినవానిని అవమానించడం లేదా?

ప్రియ శ్రోతలారా, మన సంఘాలలో గృహ ప్రార్థనలున్నాయి, స్త్రీల కూడికలున్నాయి, యౌవనస్థుల కూడికలున్నాయి. ఎనిమిది పదిమంది ఉంటే చాలు, నాలుగు వారాలు ఈ సంగతికి కేటాయించండి. మొదటి వారం పేతురు, కొర్నేలీల కథ చదవండి. రెండవ వారం ఒక్కొక్కరు ఆలోచించండి: ఇతర కులాలను గురించి, నలుపు తెలుపులను గురించి చిన్నప్పుడు మన ఇంట్లో ఏ మాటలు విన్నాం? వాటిలో ఏవి మన పిల్లలకు నేర్పిస్తున్నాం? మూడవ వారం అడగండి: మన గృహ ప్రార్థన ఏ పేటలో ఎన్నడూ జరగలేదు? ఎవరి ఇంట కాఫీ తాగడానికి సాకులు చెబుతాం? పెండ్లి సంబంధం చూసేటప్పుడు మొదట అడిగేది విశ్వాసమా, కులమా? నాలుగవ వారం ఆ పేటలోనే, ఆ ఇంటివారు సంతోషంగా పిలిస్తే, వారి చేతి వంట కలిసి భోజనం చేయండి.

కొన్ని జాగ్రత్తలు. ఎవరి తప్పు వారే చెప్పాలి, పొరుగువాని తప్పు కాదు. సంఘ పెద్దలు చివర మాట్లాడాలి, లేకపోతే మిగిలినవారు వారి మాటకే తలూపుతారు. గాయపడినవారిని మీ బాధ చెప్పండి అని బలవంతపెట్టవద్దు. వారు చెప్పినప్పుడు వాదించవద్దు, వినండి. అక్కడ విన్నది బయట చెప్పవద్దు.

ప్రభువు సుంకరులతో, పాపులతో భోజనపు బల్లయొద్ద కూర్చున్నాడు. అందుకే ఆయన మీద సణిగారు. ఆదివారం ఆయన బల్లలో పాలు పొందే మనము, సోమవారం ఎవరి బల్లయొద్ద కూర్చుంటున్నాం? ఈ ప్రశ్నకు ప్రసంగీకుడు జవాబు చెప్పలేడు. మీ కూడికలో మీరే ఒకరికొకరు చెప్పుకోవాలి. అట్టి ధైర్యమును, దీనమనస్సును ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.