ఆగడం నేర్చిన కుక్కలు

ఇంగ్లండ్, స్కాట్లాండ్ సరిహద్దున ఉన్న చెవియట్ కొండల్లో ఏప్రిల్ నడిమికి గొర్రెలు ఈనడం మొదలవుతుంది. పొట్టేళ్లను మందలోకి నవంబరులో వదులుతారు. గొర్రె చూలు మోసేది సుమారు 147 రోజులు. అంటే చలి తగ్గి కొత్త పచ్చిక మొలిచే వేళకు పిల్లలు పుట్టేలా చూసుకుంటారన్నమాట. ఆ రోజుల్లో కాపరికి కంటినిండా నిద్ర ఉండదు. తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకే ముందు మరోసారి కొండంతా చుట్టి రావాలి. అడ్డం తిరిగిన పిల్లను చేత్తో సరిచేసి బయటికి తీయాలి. చలికి కొయ్యబారుతున్న పిల్లకు ముర్రుపాలు పట్టాలి. తల్లి చచ్చిన పిల్లకు మరో తల్లిని వెతకాలి. ఆ తిరుగుడంతటిలోనూ అతని వెంట నలుపు తెలుపు మచ్చల బోర్డర్ కోలీ కుక్క ఒకటి ఉంటుంది.

ఆ కుక్క పేరు మోగేది పరుగు వల్ల. కనుచూపు మేరలో చుక్కల్లా కనిపించే మందను చుట్టి కాపరి కాళ్ల దగ్గరికి తెస్తుంది. గొర్రెలు ఈనే కాలంలో మాత్రం ఆ పరుగు పెద్దగా అక్కరకు రాదు. పిలుపు వినబడగానే ఎంత చప్పున ఆగింది, ఎంతసేపు కదలకుండా పడుకుంది అన్నదే అప్పుడు పనికొస్తుంది. కుక్కకు తోలడం నేర్పినవాడి కంటే ఆగడం నేర్పినవాడే గట్టి కాపరి అని ఈ కాలం తేల్చేస్తుంది.

ఎందుకో తెలియాలంటే కుక్క మందను ఎలా తోలుతుందో చూడాలి. తోడేలు వేటకు ఒక వరస ఉంది. ఎరను వెతకడం, చూపు నిలపడం, తల వంచి పొంచి నడవడం, తరమడం, కరవడం, చంపడం. సరిహద్దు కొండల కాపరులు తరతరాలుగా కుక్కలను ఏరి ఏరి కట్టించి ఈ వరసను మధ్యలో తెంచేశారు. చూపు, పొంచడం, తరమడం మిగిలాయి. కరవడం, చంపడం అణిగిపోయాయి. గొర్రెకు ఈ సంగతి తెలియదు. కళ్లార్పకుండా చూస్తూ నేలబారున వచ్చే జంతువు దానికి తోడేలు లాంటిదే. కుక్క ఎటు నిలిస్తే మంద దానికి ఎదురు దిక్కుకు కదులుతుంది. కాపరి చేతిలో ఉన్న పగ్గమల్లా ఆ భయమే.

ఈనిన గొర్రె దగ్గర ఆ పగ్గం తెగిపోతుంది. నిన్నటిదాకా కుక్క నీడ చూస్తే పారిపోయిన గొర్రె, పిల్ల కాళ్ల దగ్గర ఉండగా ఇక పారిపోదు. ముందుకాలితో నేలను తన్ని, తల వంచి, కుక్క మీదికే వస్తుంది. చురుకైన కుక్క అప్పుడు దాన్ని కరవబోతుంది. బెదురు కుక్క తోక ముడుస్తుంది. రెండూ చెరుపే. గొర్రె బెదిరి పారిపోతే అంతకంటే పెద్ద చెరుపు. పుట్టిన పిల్ల ఒంటిమీది తడిని నాకుతూ తల్లి దాని వాసన పట్టేది ఆ మొదటి కొద్ది గంటల్లోనే. ఆ సమయంలో తల్లీపిల్లలను విడదీస్తే తర్వాత కలిపినా తల్లి దగ్గరికి రానివ్వదు, తలతో కుమ్మి నెట్టేస్తుంది. కవల పిల్లల్లో ఒకటి వెనకబడిపోవడం మరీ తేలిక. ఇంకా ఈనని చూడి గొర్రెలను తరిమినా ముప్పే, వాటికి చూలు పోవచ్చు.

కాబట్టి అనుభవమున్న కాపరి ఈనుతున్న మందలోకి కుక్కను ఊరికే వదలడు. తన మడమల వెంటే నడిపిస్తాడు. అడ్డం తిరిగిన పిల్లతో అవస్థ పడుతున్న గొర్రెను పట్టుకోవాల్సి వస్తేనే దానికి పని. కుక్క ఎడమగా చుట్టి వెళ్లాలంటే ‘కమ్ బై’, కుడిగా చుట్టి రావాలంటే ‘అవే టు మీ’ అంటాడు. గొర్రె రాతిగోడ మూలకు చేరగానే ‘లై డౌన్’. కుక్క అక్కడే, ఆ దూరంలోనే బిగుసుకుని పడుకోవాలి. రెండడుగులు ముందుకు జరిగితే గొర్రె గోడ దూకుతుంది, వెనక్కి జరిగితే పక్కనుంచి తప్పించుకుంటుంది. కొస వంగిన కర్రతో కాపరి దాన్ని అందుకునేదాకా కుక్క చూపు తిప్పదు. పని కాగానే ‘దట్ విల్ డూ’ అంటే చాలు, ఎంత ఉత్సాహంలో ఉన్నా అన్నీ వదిలేసి వచ్చేయాలి. ఈ చివరి పిలుపుకు తిరిగి వచ్చేలా చేయడమే శిక్షణలో కష్టమైన భాగం.

తల్లి లేని పిల్లను మరో తల్లికి అలవాటు చేయడంలోనూ కుక్క పనికొస్తుంది. పిల్ల చచ్చిన గొర్రె ఉంటే ఆ చచ్చిన పిల్ల తోలు ఒలిచి, అనాథ పిల్లకు చొక్కాలా తొడుగుతారు. తన పిల్ల వాసనే కనుక తల్లి పాలివ్వడానికి ఒప్పుకుంటుంది. అప్పటికీ మొండికేసే గొర్రెలు కొన్ని ఉంటాయి. అలాంటి గొర్రె దొడ్డి బయట కుక్కను కాసేపు కూర్చోబెడతారు. శత్రువు ఎదురుగా కనిపించేసరికి, నిమిషం క్రితం వరకు కుమ్మి తోసేసిన పిల్లకు గొర్రె అడ్డం వచ్చి నిలబడుతుంది.

ఈ కుక్కల గురించి మొదట ప్రేమగా రాసినవాళ్లలో జేమ్స్ హాగ్ ముఖ్యుడు. 1770లో స్కాట్లాండ్‌లోని ఎట్రిక్ లోయలో పుట్టాడు. బడికి వెళ్లింది కొద్ది నెలలే. గొర్రెలు కాస్తూనే చదువుకుని కవి, నవలాకారుడు అయ్యాడు. ఒకసారి పశువులు తోలుకుపోయే మనిషి తాడు కట్టి లాక్కెళ్తున్న బక్కచిక్కిన కుక్కను చూసి, ఒక గినీ నాణెం ఇచ్చి కొన్నాడు. దానికి సిర్రా అని పేరు పెట్టాడు. అప్పటికి దానికి ఏడాది నిండలేదు, గొర్రెలను తోలడమన్నదే ఎరుగదు. పని తన బాధ్యత అని అర్థమయ్యాక ఎంత ఆత్రంగా నేర్చుకుందో హాగ్ వివరంగా రాశాడు.

గొర్రెపిల్లలకు పాలు మాన్పించే రోజుల్లో ఒక అర్ధరాత్రి సిర్రా కాపలాలో ఉన్న 700 పిల్లలు బెదిరి, మూడు గుంపులై కొండల్లోకి పారిపోయాయి. చీకట్లో కుక్క కూడా కనబడలేదు. హాగ్, అతని తోటివాడు రాత్రంతా వెతికారు. ఒక్క పిల్ల జాడ దొరకలేదు. ఇక యజమానికి ఏం చెప్పాలా అనుకుంటూ తెల్లవారాక తిరిగొస్తుంటే లోతైన ఒక వాగులోయ అడుగున కొన్ని పిల్లలు, వాటి ఎదుట నిలబడి సిర్రా కనిపించాయి. మూడు గుంపుల్లో ఒకటైనా దక్కిందనుకున్నారు. దగ్గరికి వెళ్లి లెక్కపెడితే 700లో ఒక్కటీ తగ్గలేదు. అన్ని గంటలు, ఎవరూ చెప్పకుండా, చీకటిలో మూడు గుంపులనూ అది ఎలా కలిపిందో తనకు అంతుపట్టలేదన్నాడు హాగ్.

అతనే మరో కుక్క కథ చెప్పాడు. పీబుల్స్‌షైర్‌లో ఒక కాపరి తన ఆడకుక్కకు మందను అప్పగించి, వేరే దారిలో ఇల్లు చేరాడు. కుక్క ఎంతకీ రాలేదు. చివరికి నోట ఒక కుక్కపిల్లను కరచుకుని, ముందు మందను నడిపించుకుంటూ వచ్చింది. దారిలో కొండ మీద ఈనింది. మందను దొడ్డికి చేర్చాక, మళ్లీ వెళ్లి మిగతా పిల్లలను ఒక్కొక్కటిగా మోసుకొచ్చింది. చివరిది మాత్రం అప్పటికే చచ్చిపోయింది. ఈ కథలోని కుక్క విశ్వాసాన్ని మెచ్చుకునేవాళ్లు చాలామంది. కానీ నెలలు నిండిన కుక్కను అంత దూరం పనికి పంపిన కాపరి తప్పు కూడా ఇందులో ఉంది. ఆ తప్పును ఈనాటి మంచి కాపరి చేయడు.

ఇలాంటి కుక్కల నేర్పును జనం ముందు పోటీగా పెట్టిన ఘనత వేల్స్‌లోని ఒక జమీందారుది. రిచర్డ్ జాన్ లాయిడ్ ప్రైస్ 1873 అక్టోబరు 9న బాలా ఊరి దగ్గర గొర్రెల కుక్కలకు పోటీ నిర్వహించాడు. బ్రిటన్‌లో నమోదైన తొలి పోటీ అదే. 10 కుక్కలు పాల్గొన్నాయి. 300 మంది దాకా చూడవచ్చారు. గెలిచింది వేల్స్‌లో స్థిరపడిన స్కాట్లాండ్ మనిషి జేమ్స్ థామ్సన్, అతని కుక్క ట్వీడ్.

తర్వాత 20 ఏళ్లకు, 1893 సెప్టెంబరులో, నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే కాపరి దగ్గర హెంప్ అనే కుక్క పుట్టింది. తండ్రి రాయ్ మెతక కుక్క, చూపులో పదును తక్కువ. తల్లి మెగ్ చూపు మరీ పదును, మనిషి దగ్గరికి రావాలంటే బెదురు. ఈ రెండింటి కలయికలో సరిపాళ్లు కుదిరాయి. హెంప్ మొరగదు, మీదికి దూకదు, పళ్లు వాడదు. వంగి నిశ్శబ్దంగా వచ్చే ఆ కుక్కకు గొర్రెలు బెదరకుండానే లోబడేవి. కాపరులు తమ ఆడకుక్కలను దాని దగ్గరికి తేవడం మొదలుపెట్టారు. 1901లో చనిపోయే లోపు దానికి 200కు పైగా పిల్లలు పుట్టాయి. ఇవాళ ప్రపంచంలో ఉన్న బోర్డర్ కోలీల్లో దాదాపు అన్నిటి వంశం దాని దగ్గరికే చేరుతుంది. పోటీల్లో గెలిచినందుకు హెంప్‌ను గుర్తుపెట్టుకుంటారు గానీ, దాని నెమ్మది అసలు విలువ తెలిసేది పిల్ల పక్కన నిలబడిన తల్లిగొర్రె ఎదుటే.

1906లో స్కాట్లాండ్‌లోని హాడింగ్టన్‌లో ఇంటర్నేషనల్ షీప్ డాగ్ సొసైటీ ఏర్పడింది. ఆ సొసైటీ పోటీల మార్కుల్లోనే ఈ నెమ్మది విలువ కనిపిస్తుంది. దూరంగా ఉన్న గొర్రెలను చుట్టి వెళ్లడానికి 20, కాపరి దగ్గరికి తేవడానికి 20. మధ్యలో ఒక క్షణం ఉంది, కుక్కను చూసి గొర్రెలు తొలి అడుగు వేసే క్షణం. దానికి విడిగా 10 మార్కులు. ఆ అడుగు బెదిరి వేసిందా, నెమ్మదిగా వేసిందా అన్నది న్యాయనిర్ణేత చూస్తాడు. అకారణంగా కరిచిన కుక్కను పోటీ నుంచే తప్పిస్తారు.

కుర్ర కుక్కకు మొదటి పాఠాలు ఈనే కాలంలో చెప్పకూడదనేది పాతకాపుల మాట. ఏడాది వయసు వచ్చేలోపు దానికి మనసూ కాళ్లూ కుదురుకోవు. ఒక్కసారి తల్లిగొర్రె కుమ్మితే ఆ భయం దాన్ని చాలాకాలం వదలదు. ఎదురు తిరిగి కరిస్తే, కరవడం పనిచేస్తుందని నేర్చుకుంటుంది. అందుకే మొదట పిల్లలు లేని నెమ్మదైన గొర్రెలతో, చిన్న ఆవరణలో, పొడవాటి తాడుతో ఆగడం నేర్పుతారు. చచ్చిన గొర్రెల పచ్చిమాంసం కుక్క నోటికి అందకుండా చూడటం, బద్దెపురుగులకు మందు వేయడం కూడా కాపరి బాధ్యతే. కుక్క పేగుల్లోని ఒక రకం బద్దెపురుగు గుడ్లు పచ్చికతో పాటు గొర్రె కడుపులోకి పోతే మెదడులో బుడగలు కడతాయి. అప్పుడు గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగి తిరిగి చస్తుంది.

బ్రిటన్‌లో తోడేళ్లు 18వ శతాబ్దానికే లేకుండా పోయాయి. అక్కడి కుక్కకు కాపలా పని తప్పి, తోలే పని మిగిలింది. దక్కన్‌లో తోడేలు ఇంకా ఉంది. కాబట్టి మన గొల్ల, కురుమ కాపరుల వెంట తిరిగే కుక్కల పని వేరు. పగలు మంద వెంట నడుస్తాయి, రాత్రి పొలాల్లో మంద కట్టినచోట చుట్టూ పడుకుంటాయి. మందను మళ్లించేది కాపరి కర్ర, కాపరి గొంతు. పుట్టిన పిల్లను చంకన పెట్టుకుని నడిచేదీ కాపరే.

కాపలా కుక్కను తయారుచేసే తీరు కూడా వేరే. డార్విన్ 1833లో ఉరుగ్వేలో చూసి రాసిన పద్ధతి ఇది. కుక్కపిల్లను చాలా చిన్నప్పుడే తల్లి నుంచి వేరుచేస్తారు. రోజుకు మూడు నాలుగు సార్లు గొర్రెను పట్టి ఉంచి, దాని పాలు తాగిస్తారు. దొడ్డిలోనే ఉన్నితో పడక వేస్తారు. వేరే కుక్కలతో, ఇంటి పిల్లలతో ఆడనివ్వరు. అలా పెరిగిన కుక్క మాంసం కోసం ఇంటికి వస్తే ఇంటి కుక్కలు తరుముతాయి, అది పారిపోతుంది. మందను చేరగానే మాత్రం వెనక్కి తిరిగి మొరుగుతుంది, తరిమిన కుక్కలే పారిపోతాయి. 1970ల చివర్లో అమెరికాలో రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు యూరప్, టర్కీల నుంచి తెచ్చిన కాపలా కుక్కలతో దాదాపు ఇదే సూత్రాన్ని పరీక్షించారు. గొర్రెల మధ్య పెరిగిన కుక్క గొర్రెలనే తనవాళ్లుగా చూస్తుంది. అయినా మొదటి ఈత కాలంలో కుర్ర కాపలా కుక్కను ఒంటరిగా వదలకూడదు. ఆటకని పట్టుకున్నా పసిపిల్ల ప్రాణం పోతుంది.

ఇదంతా పని కుక్కల సంగతి. శిక్షణ లేని పెంపుడు కుక్క కూడా మందకు నష్టం చేస్తుంది. పశువులను కుక్కల నుంచి కాపాడే చట్టం బ్రిటన్‌లో 1953లోనే వచ్చింది. స్కాట్లాండ్ 2021లో దాన్ని సవరించి, జరిమానాను 40,000 పౌండ్ల వరకు పెంచింది. 2000 నాటి చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో జనం స్వేచ్ఛగా నడిచే కొండభూముల్లో మార్చి 1 నుంచి జూలై 31 వరకు కుక్కను 2 మీటర్లకు మించని పట్టీతోనే నడిపించాలి. పశువులు దగ్గర్లో ఉంటే ఏడాది పొడవునా అంతే. లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరోల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు కుక్కలను పెంచుకునేవాళ్లు ఉన్నారు. వసంతంలో వాళ్లు ఆ కొండలకు షికారు వెళ్లినప్పుడు తమ కుక్క ఎంత మంచిదైనా సరే పట్టీ విప్పవద్దు. గొర్రె కాళ్ల దగ్గర పిల్ల కనిపిస్తే దారి మార్చి, దూరంగా చుట్టి వెళ్లండి.